ఊరుకోవడం తెలియని గ్లౌజులకు ఒక లేఖ

మైలాపూరు, చెన్నై

మహారాజశ్రీ సంగీత గ్లౌజుల జత వారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. తమరు మా బీరువా పై అరలో, పట్టుచీరల పక్కన, కలరా ఉండల సువాసన మధ్య క్షేమంగా ఉన్నారని తలుస్తాను. నేను కూడా క్షేమమేనని రాయడానికి మొన్న ఆదివారం సాయంత్రం ఆరున్నర దాకా నాకు ఏ అభ్యంతరమూ ఉండేది కాదు. ఆ తరువాత మా అపార్ట్‌మెంట్ మేడ మీద, ఉగాది వేడుకలో, తమరు నా చేత చేయించిన ఘనకార్యాన్ని ఎనభై మంది కళ్ళారా చూశారు. వారిలో సగం మంది ఫోన్లలో పట్టుకున్నారు. ఎవరో పుణ్యాత్ములు దానిని గుంటూరులో ఉన్న మా అత్తగారికి పంపించగా, ఆవిడ ఆ రాత్రే మా ఆవిడకు ఫోన్ చేసి, "అల్లుడుగారికి ఒంట్లో ఎలా ఉందే?" అని అడిగారు.

సగం నెల జీతం పోసి తమరిని ఇంటికి తెచ్చుకున్న రోజున నాకు ఉన్న భక్తి ఇంతా అంతా కాదు. ఒక్కొక్క వేలి వెంట ఒక సన్నని పట్టీ, వేలు వంచితే దాని విద్యుత్ నిరోధం మారుతుంది. మణికట్టు దగ్గర అగ్గిపెట్టెంత బిళ్ళ, అందులో చేతి ఊపును కనిపెట్టే యాక్సెలెరోమీటరు, చేతి తిప్పుడును కనిపెట్టే గైరోస్కోపు. ఇవన్నీ కలిసి నా చెయ్యి ఎప్పుడు ఏం చేసిందో అంకెలుగా మార్చి, బ్లూటూత్ మీద ల్యాప్‌టాప్ చెవిన వేస్తాయి. పాడేది ల్యాప్‌టాప్. తమరికంటూ సొంత గొంతు లేదు, ఉన్నది చాడీలు మోసే గుణం ఒక్కటే. ఆ సంగతి నాకు కొన్నాక గాని తెలియలేదు.

చిన్నచిన్న తప్పులను నేను పట్టించుకోవడం లేదని ముందే మనవి చేసుకుంటాను. ధనుర్మాసపు మంచుకే మంకీ క్యాపు పెట్టుకునే ఊరు ఇది. అటువంటి ఊరు కూడా చైత్రమాసంలో చేతికి గ్లౌజులు తొడుక్కున్న మనిషిని క్షమించదని మా వాచ్‌మన్ చూపులోనే తెలిసింది. అయినా చెమటను ఓర్చుకున్నాను. గైరోస్కోపు కాసేపటికి దిక్కు మరిచిపోతుందని, దానికి దారి చూపడానికి తమరిలో ఒక దిక్సూచి కూడా ఉన్నదని, ఆ దిక్సూచి స్టీలు కుర్చీలు పక్కన ఉంటే తికమక పడుతుందని తెలుసుకొని, హాలులో ఉన్న కుర్చీలన్నీ వసారాలోకి మోశాను. వాస్తు సిద్ధాంతిగారు కూడా నా చేత ఇంత బరువు మోయించలేదు. శనివారం మధ్యాహ్నం భోజనం దగ్గర మొదలైన అప్‌డేట్ సాయంత్రం దీపాల వేళకు ముగిస్తే, అదీ ఓర్చుకున్నాను.

తోడి రాగంలోని గాంధారం, అంటే 'గ' స్వరం దగ్గర మాత్రం కొంచెం బాధ కలిగింది. సంగీత యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మిడి (MIDI) భాషే తమరిదీ, అది 1983లో పుట్టింది. అందులో మామూలు విలువలు 0 నుంచి 127 దాకానే ఉన్నా, స్వరాన్ని వంచడానికి ప్రత్యేకంగా 16,384 మెట్లున్న దారి ఒకటి ఉంది. తమరు నన్ను 128 మెట్ల దారిలోనే నడిపించారు. ఊయల ఊగవలసిన గాంధారం మేడమెట్లు దిగుతున్న పిల్లవాడిలాగ టకటకలాడింది. పోనీలే అని, గమకం (స్వరాన్ని ఊపడం) పని అంతగా లేని మోహన రాగానికి మారాను. ఇక చెయ్యి గాలిలో కొట్టిన దెబ్బ స్పీకరులోంచి బయటకు రావడానికి పట్టిన ఆలస్యం సంగతి. మృదంగం నాకు మూడు మీటర్ల దూరంలో మోగినా, ఆ నాదం నా చెవికి చేరడానికి దాదాపు 9 మిల్లీసెకన్లు చాలు. తమరి దెబ్బ చేరడానికి సెకనులో ఐదో వంతు పట్టింది. అక్షరానికి ఒక సెకను చొప్పున నడిచే తాళంలో, అక్షరాన్ని నాలుగు మాత్రలుగా పంచే చతురశ్ర గతిలో, ఒక మాత్రంటే 250 మిల్లీసెకన్లు. కాబట్టి నేను కొట్టిన ప్రతి దెబ్బా దాదాపు ఒక మాత్ర వెనుక నడిచింది. అయితే ఈ పాపంలో పెద్ద వాటా కమిటీ వారి బ్లూటూత్ స్పీకరుదని ఒప్పుకుంటాను. న్యాయం న్యాయమే కదా.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

ఆ రోజు నా పది నిమిషాల అంశం, తమరి దయ వల్ల, ఏ అల్లరీ లేకుండానే గడిచింది. తరువాత మా మేనకోడలు పాట, మా కింది అంతస్తు తాతగారి మృదంగం. నేను పక్కన కూర్చొని తాళం వేయాలి. ఆ పాట అయ్యాక మళ్ళీ నా అంశమే. మధ్యలో తమరిని విప్పితే, తిరిగి తొడుక్కున్నాక చేతులు బార్లా చాపి, పిడికిలి బిగించి, విప్పి, మళ్ళీ బిగించి తమరికి నా చేతులను పరిచయం చేసుకోవాలి కనుక, అంతమంది ఎదుట ఆ కసరత్తు ఎందుకని తమరిని విప్పలేదు. నేను చేసిన తప్పు ఇదొక్కటే.

బాసింపట్టు వేసుకొని, కుడి చెయ్యి తొడ మీద పెట్టి, ఆది తాళం ఎత్తుకున్నాను. చెయ్యి తొడను తాకగానే స్పీకరులో ఢమ్మని డోలు మోగింది. చిటికెన వేలు వంచాను, పిల్లనగ్రోవి పలికింది. ఉంగరపు వేలికి వీణ. మధ్య వేలికి గుడి గంట. మళ్ళీ దెబ్బ, మళ్ళీ ఢమ్. అరచెయ్యి పైకి తిప్పగానే, యాభై మంది గొంతు కలిపి "ఆ..." అని ఆలపించారు. మళ్ళీ ఢమ్, మళ్ళీ "ఆ...". అక్కడికి ఒక ఆవర్తం, అంటే తాళం ఒక చుట్టు, పూర్తయింది. పిల్ల గట్టిది, పాట ఆపలేదు, కళ్ళు మాత్రం ఎర్రజేసి నా వైపు చూసింది. చిన్నప్పటి నుంచి ఒంటబట్టిన తాళం కావడం చేత నా చెయ్యి కూడా ఆగలేదు. మనసు ఆపమంటోంది, చెయ్యి రెండో ఆవర్తంలోకి వెళ్ళిపోయింది. ముందు వరుసలో పిల్లలు కేరింతలు కొట్టారు. మూడో ఆవర్తం దగ్గర తాతగారు మృదంగం మీద నుంచి చేతులు తీసి, ఒళ్ళో పెట్టుకొని, పెరంబూరు రైలుపెట్టెల కర్మాగారంలో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన మనిషికి ఉండే ఓపికతో అన్నారు: "బాబూ, పాట ఆ పిల్లది, మృదంగం నాది. నీ చెయ్యిని కాస్త ఊరుకోమను."

కట్టేద్దామని చూశాను. తమరి మీట మణికట్టు మీద ఉన్నది, దానిని రెండో చేతి వేలితో మూడు సెకన్లు నొక్కి పట్టుకోవాలి. కుడిచేతి నోరు మూయడానికి ఎడమచేతి చూపుడు వేలు వంచాను. ఆ వేలికి బాకా అప్పగించానన్న సంగతి అది మోగాక గుర్తుకు వచ్చింది. మూడు సెకన్ల పాటు, నిండు సభలో, బాకా ఊదాను. సిగ్గుతో అందరినీ క్షమించమని చేతులు జోడిస్తే, ఇంకా ప్రాణం ఉన్న ఎడమ చెయ్యి ఢమ్మంది.

చదువుకున్నవారు కనుక తమరికి ఒక శాస్త్రం మాట మనవి చేస్తాను. తాళానికి పది ప్రాణాలు చెప్పారు పెద్దలు, వాటిలో ఒకటి క్రియ. ఆ క్రియ రెండు విధాలు: సశబ్ద క్రియ, నిశ్శబ్ద క్రియ. దెబ్బ శబ్దం చేస్తుంది. వేళ్ళ లెక్క, అరచెయ్యి తిప్పే విసర్జితం శబ్దం చేయవు. ఆది తాళంలోని ఎనిమిది అక్షరాలలో వినబడేవి మూడు దెబ్బలే, మిగిలిన ఐదూ నిశ్శబ్దమే. ఆ ఐదింటినీ చెయ్యి చేస్తూనే ఉంటుంది, కాలాన్ని మోస్తూనే ఉంటుంది, కాని చప్పుడు చేయదు. చెయ్యి కదలడం వేరు, చెయ్యి మోగడం వేరు అన్న ఈ తేడా ఈ ఊళ్ళో సంగీతం క్లాసుకు మొదటి వారం వెళ్ళిన ఆరేళ్ళ పిల్లకు తెలుసు. తమరికి తెలియదు.

తెలియకపోతే పోయె, నేర్చుకోవాలన్న బుద్ధి అయినా ఉందా నీకు? దోమను తోలితే తాళాలు వాయిస్తావు. చెమట తుడుచుకుంటే వీణ మీటుతావు. దూరంగా ఉన్న మనిషిని రమ్మని చెయ్యి ఊపితే యాభై మందిని లేపి ఆలాపన చేయిస్తావు. చెయ్యి ఆడించకుండా నోరు మెదిపే తెలుగువాణ్ణి ఒక్కణ్ణి నాకు చూపించు! ఫోన్లో మాట్లాడుతూ, అవతలివాడికి కనబడదని తెలిసి కూడా చేతులు తిప్పే జాతి మాది. వీణ మీద నుంచి చెయ్యి తీస్తే వీణ ఊరుకుంటుంది. కమాను ఎత్తితే వయొలిన్ ఊరుకుంటుంది. తాతగారు మెడ తుడుచుకుంటే మృదంగం ఆ తుడుచుకోవడాన్ని వాయించదు. నా చెయ్యి ఎత్తి పెట్టుకోవడానికి నువ్వు ఎక్కడ చోటు ఉంచావు? నీ నుంచి చెయ్యి ఎక్కడికి తీయను? నువ్వు ఉన్నదే చేతి మీద కదా!

నీ ముత్తాతను చూసి అయినా నేర్చుకోవలసింది. 1920 ప్రాంతంలో రష్యాలో లియోన్ థెరెమిన్ చేసిన వాయిద్యాన్ని అసలు తాకనే అక్కరలేదు. కుడి చెయ్యి నిలువు కడ్డీకి దగ్గరవుతూ దూరమవుతూ ఉంటే స్వరం మారుతుంది. ఎడమ చెయ్యి పక్కన ఉన్న తీగచుట్టకు దగ్గరైతే ధ్వని తగ్గిపోయి, పూర్తిగా మూగబోతుంది. అర్థమైందా? రెండు చేతులలో ఒక చేతిని ఊరుకోబెట్టడానికే కేటాయించాడు మహానుభావుడు. దానికి అమెరికాలో పేటెంటు వచ్చింది 1928లో. మా ఇంటికి రెండు కిలోమీటర్లు కూడా లేని మ్యూజిక్ అకాడమీ మొదలైందీ ఆ ఏడాదే. ఒకే వయసువాళ్ళు, ఇద్దరికీ నిశ్శబ్దం విలువ తెలుసు. 1984లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మిషెల్ వైస్విస్ అనే సంగీతకారుడు తన రెండు చేతులకు యంత్రాలు తగిలించుకున్నాడు, జీవితాంతం వాటితోనే సాధన చేశాడు. 1991లో లెటీషియా సొనామీ అనే సంగీతకారిణి తన మొదటి గ్లౌజును వంటింటి రబ్బరు గ్లౌజులతోనే చేసుకుంది. అంట్లు తోముకునే గ్లౌజులు! వాటి ధరకు నీ పెట్టె కూడా రాదు. వాళ్ళు ఏ కదలిక మోగాలో, ఏది మోగకూడదో తమ చేతులతో తామే తేల్చుకున్నారు. నువ్వేమో ఎవరి చేతికైనా సరిపోతానని పెట్టె మీద అచ్చు వేయించుకొని, ఎవరి చేతినీ ఊరుకోనివ్వవు.

నీతో పాటు వచ్చిన పుస్తకంలో, అరవై పేజీలు దాటాక, చిన్న అక్షరాలలో ఒక ఉపాయం ఉంది. కాలి కింద పెడల్ పెట్టుకుంటే అవసరమైనప్పుడు నిన్ను మూగగా చేయవచ్చట. విడిగా కొనుక్కోవాలట. సరే, కొంటాను. బాసింపట్టు వేసుకొని కూర్చున్నవాడి కాలు ఏ చోట ఉంటుందో ఆ పుస్తకం రాసినవాడు ఒక్కసారి ఆలోచించాడా? తొడ కింద ఉన్న పాదంతో పెడల్ నొక్కమని చెప్పినవాడు ఏ చాప మీదా, ఏ జంబుఖానా మీదా జన్మలో కూర్చొని ఉండడు.

కోపంలో ఏకవచనం దొర్లింది, మన్నించాలి. ఎంతైనా తమరు ఖరీదైనవారు.

ఒక సంగతి దాచకుండా చెప్పవలసి ఉంది. సోమవారం ఉదయం తమరిని అమ్మేద్దామని నిశ్చయించుకొని, కొనేవాడికి మాట రాకుండా, పనిచేస్తున్నారో లేదో చూడటానికి ఒకసారి తొడుక్కున్నాను. అదే సమయానికి మా ఆవిడ కాఫీ తెచ్చి ఇచ్చింది. తమరు చేతికి ఉన్నారన్న సంగతి మరిచి, డబరాలోంచి గ్లాసులోకి, గ్లాసులోంచి డబరాలోకి అలవాటుగా ఎత్తి పోశాను. కుడి చెయ్యి పైకి లేచేకొద్దీ పంచమం నుంచి తారషడ్జం (పై 'స') దాకా ఒక జారు వచ్చింది. అతుకు లేదు, మెట్టు లేదు. పైన ఒక్క క్షణం నిలిచి, కాఫీ ధార సన్నబడుతుండగా, చేతితో పాటే కిందికి దిగింది. తోడి గాంధారం దగ్గర నన్ను అంత ఏడిపించిన తమరే ఇది పాడారంటే నమ్మబుద్ధి కాలేదు. వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. "అదేమిటి, ఇంకొకసారి పోయండి," అన్నది మా ఆవిడ. ఇంకొకసారి పోశాను. ఆ తరువాత ఆవిడ అడగకుండానే మరి నాలుగుసార్లు పోశాను.

కాఫీ చల్లారిపోయింది. అమ్మకం ప్రకటన ఇంకా పెట్టలేదు. తమరిలో ఛార్జింగ్ 40 శాతం ఉన్నది.

ఇట్లు,
తమరు ఊరుకోనివ్వని రెండు చేతుల సొంతదారు

తా.క. ఈ ఉత్తరం చేత్తో రాశాను. ముందు తమరిని విప్పి, బీరువాలో పెట్టి, తాళం వేసి.