నైస్ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ నైస్ గారికి,

నమస్కారం. మీరు క్షేమమని తలుస్తాను. ఎక్కడ పడితే అక్కడ ఇమిడిపోయే మీకు క్షేమానికేం లోటు? క్షేమంగా లేనిది మిమ్మల్ని నేర్చుకోబోయిన నేనే.

మన తొలి పరిచయం నా చిన్నప్పటి నోట్‌బుక్కులో. ఎడమ పక్కన ఇంగ్లీషులో మీ నాలుగు అక్షరాలు (nice), మధ్యలో ఈజీక్వల్టు గుర్తు, కుడి పక్కన 'మంచి, బాగున్న' అని అర్థం. పదిసార్లు రాసి, అప్పజెప్పి, టిక్కు కొట్టించుకున్నాను. దాంతో మీ పని అయిపోయిందనుకున్నాను. ఆ ఈజీక్వల్టు గుర్తును నమ్మినంతగా నేను మనుషులను కూడా నమ్మలేదండీ.

మొదటి దెబ్బ ఉద్యోగంలో తగిలింది. మూడు రాత్రులు కూర్చుని ఒక రిపోర్టు తయారుచేసి పంపాను. పై అధికారి రెండే మాటల్లో జవాబిచ్చారు: 'నైస్ ట్రై'. వెంటనే నోట్‌బుక్కు గుర్తొచ్చింది. నైస్ అంటే మంచి, ట్రై అంటే ప్రయత్నం. మంచి ప్రయత్నం! ఆ మెయిలు ఇంట్లో చూపించాను. మర్నాడు పక్క సీటాయనకు చూపించాను. ఆయన నా ముఖం వంకా, మెయిలు వంకా మార్చి మార్చి చూసి, "మళ్లీ చేయమంటున్నారండీ" అన్నాడు మెల్లగా. కుదరని పనికే మీరు ట్రై పక్కన వచ్చి నిలబడతారట. గట్టెక్కినవాణ్ని ఎవరూ అలా మెచ్చుకోరట. అప్పటికే ఇంట్లో అందరూ నన్ను అభినందించేశారు. ఆ అభినందనలు వెనక్కి ఎలా ఇవ్వాలో నాకు తెలియలేదు.

రెండోది ఇంకా ఘోరం. ఏదో చట్టం మీద వ్యాసం చదువుతుంటే 'ఎ నైస్ డిస్టింక్షన్' అని తగిలింది. ఎవరో డిస్టింక్షన్‌లో పాసైనట్టున్నారు, శుభం అనుకుని ముందుకు సాగాను. రెండు పేజీలు పోయాక, పాసైనవాడు ఎంతకీ కనబడకపోతే తల గోక్కుంటూ వెనక్కి వచ్చాను. తీరా చూస్తే అక్కడ మీరు మంచీ కాదు, అది పరీక్షా కాదు. రెండు విషయాల మధ్య వెంట్రుకవాసి తేడా అని దానర్థం. నైసిటీ అనే మీ బిడ్డ కూడా ఇలాంటి సూక్ష్మాల వ్యాపారంలోనే ఉందట. ఒక్క ముక్క ముందే చెప్పి ఉండాల్సింది.

'నైస్ అండ్ వార్మ్' సంగతి ఎక్కువ సాగదీయను. మధ్యలో అండ్ ఉంది కదా అని గది మంచిది, పైగా వెచ్చనిది అని రెండు ముక్కలు చేశాను. అక్కడ మీరు విడిగా ఒక గుణం కాదు, వార్మ్‌కి వత్తాసు మాత్రమే. తెలుగులో 'హాయిగా, వెచ్చగా' అంటే సరిపోయేది.

ఇక లాభం లేదని మీ పుట్టుపూర్వోత్తరాలు తవ్వాను. లాటిన్‌లో మీ మూలపురుషుడు నెస్కియుస్. 'నె' అంటే లేదు, 'స్కిరే' అంటే తెలియడం. వెరసి, ఏమీ తెలియనివాడు! సైన్స్ కూడా ఆ 'స్కిరే' వంశమే. అంటే మీరిద్దరూ ఒకే గడపలో పుట్టారు. అది చదువుకుంది, మీరు బడి ఎగ్గొట్టారు. పాత ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో మీరు ఇంగ్లీషులో అడుగుపెట్టినప్పుడు మీ అర్థం 'తెలివితక్కువ'. 14వ శతాబ్దపు కవి చాసర్ మిమ్మల్ని ఆ అర్థంలో వాడాడు కూడా. తర్వాత మీరు వేయని వేషం లేదు. కొన్నాళ్లు విచ్చలవిడితనం, కొన్నాళ్లు బిడియం, ఇంకొన్నాళ్లు ప్రతిదానికీ వంకలు పెట్టే చాదస్తం. వంకలు పెట్టేవాడి చూపు నిశితంగా ఉంటుంది కదా, ఆ పేరుతో సూక్ష్మం దగ్గరకు చేరారు. 18వ శతాబ్దం వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు 'ఇంపైన' అయి కూర్చున్నారు. దారిలో మీకు సిల్లీ ఎదురుపడే ఉండాలి. పాత ఇంగ్లీషులో దానికి 'ధన్యమైన' అనే అర్థం ఉండేది. వైకుంఠపాళిలో మీకు నిచ్చెన దొరికింది, పాపం దాన్ని పాము మింగింది.

మీ వాలకం రెండు వందల ఏళ్ల కిందటే ఒకావిడ పట్టేసింది. 1817 చివర్లో వెలువడిన జేన్ ఆస్టిన్ నవల 'నార్తాంగర్ ఆబీ'లో ఒకమ్మాయి ఒక పుస్తకాన్ని నైస్ అంటుంది. హెన్రీ టిల్నీ అనే అతను వెంటనే ఈ రోజూ నైసే, మన షికారూ నైసే, మీరిద్దరూ నైసే అని ఏడిపిస్తాడు. అక్కడితో ఆగకుండా, మొదట్లో ఈ మాట శుభ్రతకూ నాజూకుకూ మాత్రమే వాడేవారేమో అని ఒక పాఠం కూడా చెబుతాడు. మొదట్లో మీరెవరో ఆయనకూ తెలిసినట్టు లేదు. మీ దగ్గర అంత తెలివైనవాడూ నెస్కియుసే!

చివరికి నన్ను ఓదార్చింది తెలుగే. పొడి నైస్‌గా దంచమంటాం. చెక్క నైస్‌గా వచ్చేదాకా ఉప్పుకాగితం రుద్దమంటాం. ఇక్కడ మీరు సన్నం, నునుపు. 'నైస్‌గా జారుకున్నాడు', 'నైస్‌గా మాట్లాడి సంతకం పెట్టించుకున్నాడు' అన్నప్పుడు అదే నునుపులో కాస్త మోసం కూడా కలుస్తుంది. వీటిలో ఒక్కటి కూడా నేను బట్టీ పట్టలేదు, అప్పజెప్పలేదు, టిక్కు కొట్టించుకోలేదు. వినీ వినీ వచ్చేశాయి. పొడి పక్కన మీరొకలా, సంతకం పక్కన ఇంకోలా ఉంటారని చిన్నప్పుడే తెలుసు నాకు. ఇంగ్లీషు దగ్గరకు వచ్చేసరికి మాత్రం మిమ్మల్ని గోడకు ఆనించి ఒంటరిగా ఒక పాస్‌పోర్టు ఫోటో తీసి, అదే మీరనుకున్నాను.

నిన్న ఆ పాత నోట్‌బుక్కు వెతికి తీసి ఈజీక్వల్టు గుర్తు కొట్టేశాను. కుడి పక్కన ట్రై, డిస్టింక్షన్, అండ్ అని మీ పక్కవాళ్ల పేర్లు రాయడం మొదలుపెట్టాను. పేజీ చాల్లేదు. అన్నట్టు, ఫ్రాన్స్‌లో అచ్చం మీ అక్షరాలతోనే ఒక ఊరు ఉంది, పలకడం మాత్రం నీస్ అని. అది కూడా మీ వేషమేననుకుని కాసేపు తిట్టుకున్నాను. దాని మూలం గ్రీకు పేరు నికాయా అట, మీకు ఏ చుట్టరికమూ లేదట. ఆ ఒక్క అనుమానానికి మాత్రం క్షమించండి.

వీలు చూసుకుని జవాబు రాయండి. ఒక్క ముక్క చాలు. ఆ ముక్క మీరే కాకుండా చూసుకోండి.

ఇట్లు,
1300 నాటి అర్థంలో చాలా నైస్ మనిషి