గంజాయివనంలో ఖజానా మొక్క

గంజాయి మంచిదా, చెడ్డదా అని ఇంకా వాదించుకునేవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది. ముందుకెళ్ళిన దేశాల్లో ఆ వాదన ఎప్పుడో అయిపోయింది. అక్కడ ఇప్పుడు నడుస్తున్న చర్చ ఒక్కటే: పన్ను ఎంత శాతం వేద్దాం? మొక్క అదే, పొగ అదే, పీల్చినవాడి కళ్ళ ఎరుపూ అదే. నిన్నటిదాకా దాన్ని చూస్తే ప్రభుత్వానికి లాఠీ గుర్తొచ్చేది, ఇవాళ రసీదు పుస్తకం గుర్తొస్తోంది. దీన్నే పెద్దలు సంస్కరణ అంటారు.

ఈ సంస్కరణకి దారి చూపించిన ఘనత అమెరికాలోని కొలరాడోది. 2012 నవంబరులో గంజాయిని చట్టబద్ధం చేయాలని జనం ఓటేశారు, 2014 జనవరి 1న కొట్లు తెరుచుకున్నాయి. పాపంలో కొంచెం పుణ్యం కలపాలని, గంజాయి మీద వచ్చే ఎక్సైజు పన్నులో ఏటా మొదటి 4 కోట్ల డాలర్లు బడి భవనాలకి ఇస్తామన్నారు. ఎంత ముందుచూపో గమనించండి. గంజాయి జోలికి పోకూడదని పిల్లలకి బళ్ళో చెప్పాలి. ఆ బడికి పైకప్పు వేయాలంటే పెద్దలు గంజాయి కాల్చాలి. ఈ లెక్కన అలవాటు మానేసిన తండ్రి ఒక విధంగా విద్యాద్రోహి.

2021లో ఆ రాష్ట్రంలో దాదాపు 220 కోట్ల డాలర్ల సరుకు అమ్ముడైంది. 2024 వచ్చేసరికి అది 140 కోట్లకి దిగింది. మత్తు పదార్థం అమ్మకాలు తగ్గితే ప్రభుత్వం మిఠాయిలు పంచాలి కదా! బడ్జెట్ వేసేవాళ్ళకి మాత్రం టెన్షన్ పట్టుకుంది. పోనీ జనానికి బుద్ధొచ్చి తగ్గిందా అంటే అదీ కాదు. పక్క రాష్ట్రాలూ కొట్లు తెరిచాయి, ధరలు పడిపోయాయి. ఒక చెడ్డ అలవాటు మీద పన్ను వేసిన మర్నాటి నుంచి, ఆ అలవాటు ఆయురారోగ్యాలతో ఉండాలని ఆర్థికశాఖ కోరుకోక తప్పదు.

ఇంతకీ ఈ పన్నంతా కడుతున్నదెవరు? ఎప్పుడో పుట్టినరోజుకి ఒక దమ్ము లాగి, కాసేపు కారణం లేకుండా నవ్వుకుని పడుకునే పెద్దమనుషులనుకున్నారా? వాళ్ళని నమ్ముకుంటే కొట్టు అద్దె కూడా రాదు. 2014లో కొలరాడో రెవెన్యూ శాఖే లెక్క కట్టించింది. వాడేవాళ్ళలో దాదాపు రోజూ కాల్చేవాళ్ళు ఐదో వంతు కంటే కాస్త ఎక్కువ. సరుకులో మూడింట రెండు వంతులు పోయేది మాత్రం వాళ్ళ ఊపిరితిత్తుల్లోకే. సాహిత్య సభలకి ఉన్నట్టే ఈ పరిశ్రమకీ మహారాజపోషకులు ఉన్నారన్నమాట. పళ్ళు తోముకునే ముందొకటి, తోముకున్న సంగతి మర్చిపోయి మళ్ళీ ఒకటి. వీళ్ళంతా ఒక్కసారిగా కోలుకుంటే కంపెనీల షేర్లు ఏమైపోతాయో ఊహించుకోండి. 'బాధ్యతగా వాడండి' అని ప్రకటన ఇచ్చే కంపెనీ, ఆ మాట మహారాజపోషకుల చెవిన పడకూడదని రహస్యంగా మొక్కుకుంటుందని నా అనుమానం.

మొక్కు ఫలిస్తోంది కూడా. అమెరికాలో 1992లో రోజూ లేదా దాదాపు రోజూ గంజాయి కాల్చేవాళ్ళు 10 లక్షల లోపు. 2022 నాటికి 1 కోటి 77 లక్షలయ్యారు. అదే లెక్కలో రోజూ మందు కొట్టేవాళ్ళు 1 కోటి 47 లక్షలే. తరతరాల వారసత్వం, సీసాలు, గ్లాసులు, అంత పెద్ద సంస్కృతి ఉండి కూడా మద్యం రెండో స్థానంలోకి జారింది. ఇక, చట్టం రాగానే బడిపిల్లలంతా చెడిపోతారని బెంబేలెత్తినవాళ్ళు నిరాశపడ్డారు. సర్వేల్లో పిల్లల వాడకం అలా ఎగబాకిన జాడ పెద్దగా కనబడలేదు. పెరిగింది పెద్దల నిష్ఠ.

ఆరోగ్యం సంగతికొద్దాం. ఇది మందా, మత్తా అనే తగువులో రెండు పక్షాలవాళ్ళూ డాక్టర్లే. మందే అనడానికి ఆధారాలు లేకపోలేదు. అమెరికా జాతీయ అకాడమీలు 2017లో పాత పరిశోధనలన్నీ తిరగేసి, పెద్దల్లో దీర్ఘకాలిక నొప్పికీ, కీమోథెరపీ వల్ల వచ్చే వాంతులకీ, మల్టిపుల్ స్క్లిరోసిస్ అనే నరాల జబ్బులో కండరాల బిగువుకీ ఉపయోగం ఉందని తేల్చాయి. 2018లో పిల్లల్లో వచ్చే రెండు మొండి మూర్ఛ వ్యాధులకి గంజాయి మొక్కలోని సీబీడీ అనే మత్తివ్వని పదార్థంతో చేసిన ఎపిడియోలెక్స్ అనే మందుకి అనుమతి దొరికింది. ఇంతవరకూ వ్యంగ్యానికి చోటు లేదు, ఒప్పుకుంటాను. అయితే ఆ మూర్ఛ మందులో కిక్కు ఉండదు కాబట్టి దాని కోసం ఎవరూ ఊరేగింపులు తీయలేదు.

వాంతులు తగ్గిస్తుందన్నాం కదా. ఏళ్ళ తరబడి రోజూ కాల్చే మహారాజపోషకుల్లో కొందరికి ఇదే గంజాయి ఆగని వాంతులు తెప్పిస్తుంది. 2004లో ఆస్ట్రేలియా డాక్టర్లు ఈ జబ్బుని మొదటిసారి రికార్డుకెక్కించారు. దీని వింత లక్షణమేమిటంటే, వేడినీళ్ళ స్నానం చేస్తున్నంతసేపూ రోగికి హాయిగా ఉంటుంది, బయటికొస్తే మళ్ళీ మొదలు. కొందరు రోజుకి గంటల తరబడి షవర్ కిందే నిలబడతారు. పైగా వాంతులకి గంజాయి మంచిదని చదివి ఉంటారు కాబట్టి తువ్వాలు చుట్టుకుని ఇంకొకటి వెలిగిస్తారు. మానేస్తే తగ్గిపోతుందని డాక్టరు చెబితే నమ్మరు. మొక్క దగ్గర నుంచి వచ్చింది చెడు చేయదని వాళ్ళ దృఢవిశ్వాసం. ప్రకృతి మీద ఇంత భక్తి ఉన్నవాళ్ళని గన్నేరుకాయ తినమంటే మాత్రం తినరు.

'మా రోజుల్లో మేమూ కాల్చాం, ఏమైంది?' అనే తాతలు ఒక చిన్న విషయం గమనించాలి. వాళ్ళు కాల్చిన గంజాయి ఇప్పుడు దొరకదు. అమెరికాలో పట్టుబడిన సరుకుని పరీక్షిస్తే, మత్తునిచ్చే టీహెచ్‌సీ 1995లో సుమారు 4 శాతం ఉండేది, 2014కి 12 శాతం అయింది. ఇక సారం తీసి అమ్మే రకాల్లో 60 శాతం దాటి పోతుంది. పోటీ ఉన్న మార్కెట్లో నాణ్యత పెరుగుతుందని అర్థశాస్త్రం ముందే చెప్పింది. ఆ నాణ్యత ఫలితం కూడా పరిశోధకులు కొలిచారు. ఎక్కువ ఘాటున్న రకం రోజూ వాడేవాళ్ళలో, అసలు ముట్టనివాళ్ళతో పోలిస్తే, సైకోసిస్ అనే మతి తప్పే జబ్బు బారినపడే అవకాశం దాదాపు ఐదు రెట్లని 2019లో ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. గంజాయి వల్లే పిచ్చెక్కుతోందా, పిచ్చెక్కబోయేవాళ్ళే గంజాయి వెతుక్కుంటున్నారా అని పండితులు ఇంకా తర్కించుకుంటున్నారు. కొట్టు మాత్రం ఇద్దరికీ ఒకే ధరకి అమ్ముతుంది. వాడినవాళ్ళలో సుమారు 9 శాతం మంది బానిసలవుతారని, టీనేజీలో మొదలెట్టినవాళ్ళలో అయితే ఆరుగురిలో ఒకరని పాత అంచనా.

కెనడాలో ఇంకో ముచ్చట. గంజాయిని చాక్లెట్లుగా, జెల్లీ మిఠాయిలుగా అమ్మడం మొదలయ్యాక, వాటిని నిజం మిఠాయిలనుకుని మింగి ఆస్పత్రి ఎమర్జెన్సీకి చేరే చిన్నపిల్లలు పెరిగారు. అక్కడి ప్రభుత్వం ముందే జాగ్రత్తపడి ప్యాకెట్‌కి 10 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ మించకూడదంది, రంగుల కవర్లు కూడదంది, పైన ఎర్రటి హెచ్చరిక గుర్తు వేయించింది. రెండేళ్ళ పిల్లాడు ఆ గుర్తు చదివి ఊరుకుంటాడని ఎవరు భరోసా ఇచ్చారో తెలియదు.

'మద్యం కంటే నయమే కదా' అన్నది సమర్థకుల బ్రహ్మాస్త్రం. నిజమే. 2019లో ప్రపంచంలో మద్యం వల్ల చనిపోయినవాళ్ళు 26 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. గంజాయి మోతాదు మించి ప్రాణం పోవడం చాలా అరుదు. రెండో దొంగని విడిపించడానికి మొదటి దొంగని సాక్షిగా పిలవడం ఒక పద్ధతి. వింతేమిటంటే ఇప్పుడు మొదటి దొంగ కూడా ఆ వ్యాపారంలో వాటా కొంటున్నాడు. కరోనా బీరు అమ్మే కాన్‌స్టెలేషన్ బ్రాండ్స్ 2018లో కెనడాలోని కెనొపీ గ్రోత్ అనే గంజాయి కంపెనీలో 500 కోట్ల కెనడా డాలర్లు పెట్టింది. మార్ల్‌బరో సిగరెట్లు అమ్మే ఆల్ట్రియా అదే ఏడాది ఇంకో గంజాయి కంపెనీలో 180 కోట్ల అమెరికా డాలర్ల వాటా ప్రకటించింది. ప్రజారోగ్యం మీద ఇంత అనుభవమున్న సంస్థలు దిగాక ఇంకా భయమెందుకు?

దేవుడు మాత్రం అప్పుడప్పుడూ ఉంటాడు. ఆ కెనొపీ వాళ్ళు ఒంటారియోలోని స్మిత్స్ ఫాల్స్ ఊళ్ళో మూతబడ్డ హర్షీ చాక్లెట్ ఫ్యాక్టరీని గంజాయి ఫ్యాక్టరీగా మార్చారు. చాక్లెట్ యుగం ముగిసింది, గంజాయి యుగం మొదలైందని అంతా అనుకున్నారు. 2023లో గంజాయి ఫ్యాక్టరీ మూతపడింది. దాన్ని తిరిగి కొనుక్కున్నది ఎవరనుకున్నారు? హర్షీయే.

వ్యతిరేకుల నిజాయితీ కూడా తక్కువదేం కాదు. 2016లో అరిజోనాలో గంజాయి మీద ఓటింగు వచ్చినప్పుడు, దాన్ని ఓడించడానికి ఇన్సిస్ అనే మందుల కంపెనీ 5 లక్షల డాలర్ల విరాళమిచ్చింది. పిల్లల క్షేమం కోసమే అంది. అప్పట్లో ఆ కంపెనీ ముఖ్యమైన సరుకు ఫెంటనిల్ అనే మహా ఘాటైన మత్తు నొప్పిమందుతో చేసిన స్ప్రే. పక్కన కృత్రిమ టీహెచ్‌సీతో చేసిన మందొకటి అమ్మకానికి సిద్ధంగా ఉంది. ప్రతిపాదన స్వల్ప తేడాతో వీగిపోయింది, పిల్లలు క్షేమంగా ఉన్నారు. ఫెంటనిల్ రాయమని డాక్టర్లకి లంచాలిచ్చిన కేసులో కంపెనీ వ్యవస్థాపకుడు 2019లో దోషిగా తేలాడు. అమెరికా ప్రతినిధుల సభ మాజీ స్పీకర్ జాన్ బోనర్ ఒకప్పుడు గంజాయిని చట్టబద్ధం చేయడానికి తిరుగులేని వ్యతిరేకినని చెప్పుకున్నారు. 2018లో ఒక గంజాయి కంపెనీ సలహా మండలిలో చేరి, తన ఆలోచన పరిణతి చెందిందన్నారు. డివిడెండ్ దగ్గరపడేకొద్దీ పరిణతి రావడం సహజమే.

పరిణతికి నోచుకోనివాళ్ళు జైళ్ళలో ఉన్నారు. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ గంజాయి కాల్చడం ఇంచుమించు సమానమే అయినా, అరెస్టయ్యే అవకాశం నల్లవాళ్ళకి దాదాపు నాలుగు రెట్లని అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్ అనే పౌరహక్కుల సంఘం 2013లో లెక్క చెప్పింది. చట్టం మారాక కొన్ని రాష్ట్రాల్లో, పాత డ్రగ్ కేసు ఉన్నవాళ్ళకి గంజాయి లైసెన్స్ ఇవ్వకూడదని మొదట్లో రూలు పెట్టారు. ప్రపంచంలో అనుభవం ఉన్నవాణ్ణి పనికిరావని తిప్పిపంపిన పరిశ్రమ ఇదొక్కటే అయ్యుంటుంది. 2022లో అధ్యక్షుడు బైడెన్ పెద్దమనసు చేసుకుని, ఫెడరల్ (అంటే కేంద్ర) చట్టం కింద కేవలం గంజాయి దగ్గర పెట్టుకున్నందుకు శిక్షపడ్డవాళ్ళందరికీ క్షమాభిక్ష పెట్టారు. ఆ ఒక్క నేరానికే అప్పుడు ఫెడరల్ జైల్లో ఉన్నవాళ్ళ సంఖ్య సున్నా.

అసలు అమెరికా ఫెడరల్ చట్టం తీరే వేరు. 1970లో గంజాయిని హెరాయిన్ పక్కన ఒకటో షెడ్యూల్లో, అంటే వైద్యానికి పనికిరాని మత్తుమందుల జాబితాలో కూర్చోబెట్టారు. కొకైన్‌ది రెండో షెడ్యూలు, వైద్యంలో పనికొస్తుందని. అందువల్ల కొలరాడో దృష్టిలో పరిశ్రమాధిపతి అయినవాడు వాషింగ్టన్ దృష్టిలో ముఠా నాయకుడు. బ్యాంకులు వాడి డబ్బు ముట్టుకోవడానికి జంకుతాయి. కాబట్టి నోట్ల కట్టలు సంచుల్లో నింపుకుని వెళ్ళి పన్ను కట్టాలి. 1982 నాటి ఒక సెక్షన్ ప్రకారం కొట్టు అద్దె, జీతాలు ఖర్చు కింద చూపించడానికి వీల్లేదు. నేరస్థుడు ఖర్చులు రాసుకోకూడదు, పన్ను మాత్రం ఎగ్గొట్టకూడదు.

ఐరోపావాళ్ళు మరీ సున్నితం. నెదర్లాండ్స్‌లో 1976 నుంచి ఓర్పు విధానం నడుస్తోంది. కాఫీషాపు ముందు తలుపు నుంచి మనిషికి 5 గ్రాములు అమ్మితే పోలీసులు చూడరు, వెనక తలుపు నుంచి ఆ సరుకు షాపులోకి వస్తే నేరం. షాపులో గంజాయి తనంతట తానే ప్రత్యక్షమవుతుందని చట్టం దశాబ్దాలుగా నమ్ముతూ వచ్చింది. ఇప్పుడు పది పట్టణాల్లో ప్రయోగాత్మకంగా చట్టబద్ధమైన తోటల నుంచి తెప్పిస్తున్నారు. జర్మనీ 2024 ఏప్రిల్ 1న తలుపులు తీసింది. జేబులో 25 గ్రాములు, ఇంట్లో మూడు మొక్కలు, కలిసి పెంచుకోవడానికి 500 మంది దాకా సభ్యులతో క్లబ్బు. క్లబ్బులో కాల్చకూడదు. నడకదారుల్లో పొద్దున 7 నుంచి రాత్రి 8 దాకా కాల్చకూడదు. బడి కనబడే 100 మీటర్ల లోపు కాల్చకూడదు. ఎక్కడ కాల్చొచ్చో తేల్చుకోవాలంటే స్కేలు, గడియారం, పూర్తి స్పృహ కావాలి. అంత స్పృహ ఉన్నవాడికి గంజాయెందుకో! థాయిలాండ్ 2022 జూన్‌లో మత్తుపదార్థాల జాబితా నుంచి తీసేసి, ఇంటింటికీ పంచడానికి 10 లక్షల మొక్కలన్నది. మూడేళ్ళు తిరిగేసరికి, 2025 జూన్‌లో, డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలంది. అప్పటికి వేల కొట్లు వెలిశాయి.

వీళ్ళందరిలో వ్యాపారం బొత్తిగా తెలియనివాళ్ళు దక్షిణ అమెరికాలోని ఉరుగ్వేవాళ్ళు. 2013లో ప్రపంచంలో అందరికంటే ముందు చట్టం చేసి కూడా లాభం ఎలా తీయాలో ఆలోచించలేదు. గంజాయి అమ్మకం మందుల షాపులోనే జరగాలట. ధర ప్రభుత్వమే కట్టిందట, దొంగ సరుకు అమ్మేవాడికి గిట్టకుండా. మనిషి పేరు నమోదు చేసుకోవాలి, వేలిముద్ర వేయాలి, నెలకి 40 గ్రాములు దాటకూడదు. బోర్డులు లేవు, మామిడిపండు రుచులు లేవు, మహారాజపోషకులకి ప్రత్యేక డిస్కౌంట్లు లేవు. అమ్మేవాడికి ఎక్కువ అమ్మాలన్న కోరికే లేకుండా చేసిన ఈ పద్ధతిని చూసి ఏ పెట్టుబడిదారుడైనా కన్నీళ్ళు పెట్టుకుంటాడు.

2017 జులైలో షాపుల్లో అమ్మకం మొదలైంది. నెల తిరిగేలోపే బ్యాంకుల నుంచి హెచ్చరికలు వచ్చాయి: గంజాయి అమ్మే మందుల షాపుల ఖాతాలు మూసేస్తాం, లేకపోతే అమెరికా బ్యాంకులు మాతో తెగతెంపులు చేసుకుంటాయి, అక్కడి చట్టం ఒప్పుకోదు అని. అప్పటికి కొలరాడో కొట్లు తెరిచి మూడేళ్ళు దాటింది. కొందరు షాపుల వాళ్ళు భయపడి మానుకున్నారు. మిగిలినవాళ్ళు గంజాయి అమ్మకం వరకూ నగదు మాత్రమే అన్నారు.