పంట పోతే నష్టం ఎవరి ఖాతాలో?

వ్యవసాయంలోకి విదేశీ పెట్టుబడి వస్తోందనగానే వర్ధమాన దేశాల్లో వాదన రెండుగా చీలిపోతుంది. భూములు పోతాయని కొందరు, గోదాములు, కోల్డ్ స్టోరేజీలు, ఎగుమతులు వస్తాయని ఇంకొందరు. అదే పని స్వదేశీ పారిశ్రామికవేత్త చేస్తే ఇరుపక్షాలూ చప్పట్లు కొడతాయి. డబ్బు ఏ దేశం నుంచి వచ్చిందో చూసి తీర్పు చెప్పేయడం నాకు తొందరపాటనే అనిపిస్తుంది.

భయానికి కారణాలు లేకపోలేదు. 2008లో దక్షిణ కొరియాకు చెందిన దేవూ లాజిస్టిక్స్ మడగాస్కర్‌లో 13 లక్షల హెక్టార్లను 99 ఏళ్ల లీజుకు తీసుకోబోయింది. జనం భగ్గుమన్నారు. 2009 మార్చిలో అధ్యక్షుడు రవలోమనన గద్దె దిగడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. తర్వాత వచ్చిన రాజోలీనా దాన్ని రద్దు చేశారు. గులాబీల సాగుతో పేరు తెచ్చుకున్న బెంగళూరు కంపెనీ కరుటూరి ఇథియోపియాలోని గాంబెల్లాలో లక్ష హెక్టార్లు తీసుకుంది. వరదల్లో పంట పోయింది, చాలా భూమి సాగులోకే రాలేదు. 2015 చివర్లో అక్కడి ప్రభుత్వం లీజు రద్దు చేసింది.

ఈ రెండు చోట్లా డబ్బు చూపు భూమి మీదే. అప్పటికే పండుతున్న పంట దారిలో ఎక్కడ పాడవుతోందో పట్టించుకున్నవాళ్లు లేరు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) 2019 నివేదిక ప్రకారం ప్రపంచంలో పండే ఆహారం విలువలో దాదాపు 14 శాతం కోత తర్వాత, చిల్లర దుకాణానికి చేరేలోపే పోతోంది. పెట్టుబడికి అసలు పని ఉన్నది అక్కడ.

సరే, స్వదేశీ డబ్బు ఆ పనికే వచ్చిందనుకుందాం. నైజీరియా టమాటా పేస్ట్‌ను భారీగా దిగుమతి చేసుకునే దేశం. ఆఫ్రికాలోకెల్లా సంపన్నుడైన అలికో డాంగోటే గ్రూపు కానో రాష్ట్రంలో రోజుకు 1,200 టన్నుల టమాటాలు ఆడించే ఫ్యాక్టరీ కట్టి 2016లో ప్రారంభించింది. కొద్ది నెలలకే అది ఆగింది. టూటా అబ్సల్యూటా అనే పురుగు తోటలను తినేసింది. రైతులు దానికి ‘టమాటా ఎబోలా’ అని పేరు పెట్టారు. బయట ధర ఎక్కువ పలికినప్పుడు రైతు సరుకును ఫ్యాక్టరీకి కాకుండా మార్కెట్‌కే తీసుకెళ్లాడు. అందులో అతని తప్పేముంది? కోట్లు పోసి యంత్రాలు తెచ్చినా, దాని వెనకున్న పొలాలకు మంచి విత్తనం, పురుగు నుంచి రక్షణ, నమ్మదగిన ధర లేకపోతే ఫ్యాక్టరీ ఖాళీగానే ఉంటుంది.

కెన్యా తేయాకు కథ ఇందుకు భిన్నం. 1964లో అక్కడ ఏర్పాటైన ప్రభుత్వ సంస్థ (నేటి కేటీడీఏ, అంటే కెన్యా తేయాకు అభివృద్ధి సంస్థ) ప్రపంచ బ్యాంకు, బ్రిటన్ ప్రభుత్వ అభివృద్ధి పెట్టుబడి సంస్థ సీడీసీ అప్పులతో చిన్న రైతులకు మొక్కలు ఇచ్చింది, ఆకు సేకరణ కేంద్రాలు పెట్టింది, ఫ్యాక్టరీలు కట్టింది. అంటే డబ్బు విదేశీదే. కానీ అది అప్పుగా వచ్చింది. ఫ్యాక్టరీల్లో వాటాలు చివరికి రైతుల చేతికి వచ్చాయి. ఆకు ఇచ్చినందుకు నెలనెలా డబ్బు, ఏడాది చివర లాభాన్ని బట్టి బోనస్. ఈ ఏర్పాటులో నేడు 6 లక్షల మందికి పైగా రైతులున్నారు. అక్కడా యాజమాన్యం మీద ఫిర్యాదులకు కొదవ లేదు. 2021లో మొంబాసా తేయాకు వేలంలో ప్రభుత్వం కనీస ధర పెట్టిస్తే కొనుగోలుదారులు వెనక్కి తగ్గారు, నిల్వలు పేరుకుపోయాయి. ఫ్యాక్టరీ రైతులదైనా ప్రపంచ ధర వాళ్ల చేతిలో ఉండదు మరి.

అందుకే ఒప్పందం మీద సంతకం పెట్టేముందు ప్రభుత్వాలు అడగాల్సినవి వేరే ఉన్నాయి. మార్కెట్ ధర పెరిగితే ఒప్పంద ధర ఎంత పెరుగుతుంది? పురుగు పట్టిన ఏడాది విత్తనాల అప్పు వసూలు చేస్తారా, వాయిదా వేస్తారా? నాణ్యత లేదని సరుకు తిప్పి పంపితే దాన్ని మళ్లీ పరీక్షించే మూడో మనిషి ఎవరు? ఉపాధి, టర్నోవర్ అంకెలు పెట్టుబడి ప్రకటనల్లో మొదటి వరుసలోనే ఉంటాయి. ఈ మూడింటికి జవాబు మాత్రం రైతుకు ఇచ్చే ఒప్పంద పత్రంలో, అతను చదవగలిగే భాషలో ఉండాలి.