లవంగం, ఉల్లిపాయ, రెండు బుర్జులు

దుబాయ్ ప్రయాణం ఖాయమైన రోజు నుంచే నేను నోటుబుక్కు తెరిచాను. ట్రెజరీలో 32 ఏళ్ళు ఉద్యోగం చేసినవాణ్ణి. ఎక్కడైనా నిబంధన కనబడితే దానికి వరస సంఖ్య వేసి, కింద ఎర్ర సిరాతో గీత గీస్తే తప్ప నిద్ర పట్టదు. విమానం ఎక్కేనాటికి నోటుబుక్కులో 61 అంశాలు తేలాయి. మా ఆవిడ మాత్రం ఒక ఆవకాయ డబ్బా, రెండు శాలువలు సర్దుకుంది.

"ఎడారికి శాలువలు ఎందుకే?" అన్నాను.

"పెట్టె మోసేది మీరు కాదుగా" అంది. నిజానికి మోసింది నేనే.

మొదటి అంశం గసగసాలు. మనం కుర్మాలో నూరి పోసుకునే ఈ అమాయకపు గింజలు ఆ దేశంలో మాదకద్రవ్యాల కింద లెక్క. చిన్న పొట్లం దొరికినా జైలు దాకా వెళ్ళవచ్చు. అందుకని ఆవిడ సర్దిన పెట్టెను మూడుసార్లు విప్పించాను. మసాలా పొడి డబ్బా తెరిచి, భూతద్దం పట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. "నలభై ఏళ్ళుగా తింటున్నారు, ఇవాళ కొత్తగా తనిఖీ చేస్తున్నారు" అని ఆవిడ ఆ డబ్బానే తీసి అటక మీద పెట్టేసింది.

రెండో అంశం వడదెబ్బ. ఇది ఎవరూ రాసింది కాదు, మా అమ్మ చెప్పింది. ఎండలో బయటికి వెళ్ళేటప్పుడు జేబులో ఉల్లిపాయ ఉండాలి. మేం వెళ్ళింది ఏప్రిల్ నెలాఖరు. తెలిసినవాళ్ళు నవంబరు, మార్చి మధ్య వెళ్ళమంటారు. కాని మా అమ్మాయికి సెలవు దొరికింది అప్పుడే. తీరా ఆ సెలవు కూడా రెండు రోజులకు కుదించుకుపోయింది, అది వేరే కథ.

తీరా అక్కడ దిగాక తెలిసింది ఏమిటంటే, దుబాయ్‌లో ఎండ ఉంటుంది కాని అద్దానికి అవతల ఉంటుంది. విమానాశ్రయం చల్లన, కారు చల్లన, లిఫ్టు చల్లన. చివరికి బస్సు కోసం నిలబడే గదికి కూడా తలుపులు పెట్టి ఏసీ బిగించారు. మూడు రోజులలో నా జేబులోని ఉల్లిపాయ మీద సూర్యకిరణం పడిన సమయం మొత్తం కలిపితే పావుగంట ఉండదు. నాకు మాత్రం తుమ్ములు పట్టుకున్నాయి. మూడో రోజు పొద్దున శాలువ కప్పుకుని కాఫీకి వచ్చాను. ఆవిడ ఏమీ అనలేదు. నా వంక చూసి, కాఫీలో కాస్త శొంఠి వేసి ఇచ్చింది. అంతకంటే నాలుగు మాటలు అనేసినా బాగుండేది.

ఆ రోజు అమ్మాయికీ అల్లుడికీ ఆఫీసు ఉంది. మేమిద్దరమే ఊరు చూడాలి. ప్రణాళిక నాది. పొద్దున డేరా అనే పాత పేటలో బంగారం బజారు, సుగంధ ద్రవ్యాల బజారు, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం బుర్జ్ ఖలీఫా.

బంగారం బజారులో ఒక అద్దాల వెనక రాళ్ళతో కలిపి దాదాపు 64 కిలోల ఉంగరం ఉంది. గిన్నిస్ వాళ్ళు గుర్తించినది. జనం దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారు. మా ఆవిడ చాలాసేపు చూసి, "ఇది పెట్టుకోవడానికా, మెడలో వేసుకుని బావిలో దూకడానికా?" అని ముందుకు నడిచింది. ఆ పక్క సందులోని సుగంధ ద్రవ్యాల బజారులో మాత్రం గంటన్నర ఉంది. బస్తాల నిండా ఎండు నిమ్మకాయలు, నల్లగా గోలీల్లాంటివి. ఇరాన్ నుంచి వచ్చిన కుంకుమపువ్వు. అక్కడ మొదట చెప్పిన ధర ధర కాదని, సగం దగ్గర మొదలుపెట్టాలని నా నోటుబుక్కులో 23వ అంశం. నేను ఆ పేజీ వెతికేలోపు ఆవిడ మూడో వంతు దగ్గర మొదలుపెట్టి, సగానికి తక్కువలో ముగించింది. ఆ మాట్లాడినది హిందీయే అని నేననుకుంటున్నాను. ఆవిడకు హిందీ రాదు.

ఇక అసలు విషయానికి వస్తాను.

బుర్జ్ ఖలీఫా 828 మీటర్లు. 2010 జనవరిలో తెరిచారు. జనాన్ని ఎక్కువగా తీసుకెళ్ళేది 124వ అంతస్తుకు. సూర్యాస్తమయం వేళకు టికెట్టు ధర ఎక్కువ, ముందుగా కొనుక్కోవాలి, వేళ తప్పితే డబ్బు తిరిగి రాదు. అయినా అదే కొన్నాను. ఆ భవనం ఎంత ఎత్తంటే, రంజాన్ నెలలో 80వ అంతస్తు దాటి ఉండేవాళ్ళు కింది వాళ్ళకంటే రెండు నిమిషాలు ఆగి ఉపవాసం విడవాలని అక్కడి మతపెద్దలు చెప్పారు. పైన ఉన్నవాళ్ళకు సూర్యుడు ఇంకా కనబడుతూనే ఉంటాడు కదా. ఒకే ఇంటికి రెండు సూర్యాస్తమయాలు! ఈ ముక్క చదివాక టికెట్టు కొనకుండా ఉండటం నావల్ల కాలేదు. మాకు ఇచ్చిన వేళ సాయంత్రం అయిదున్నర.

మెట్రోలో వెళ్ళాలి. ఆ మెట్రోను 2009వ సంవత్సరం తొమ్మిదో నెల తొమ్మిదో తేదీన, రాత్రి 9 గంటల 9 నిమిషాల 9 సెకన్లకు ప్రారంభించారు. మా గోదావరి జిల్లాలలో గృహప్రవేశాలకు కూడా సెకన్ల దాకా ఎవరూ వెళ్ళలేదు. రైలుకు డ్రైవరు ఉండడు, జరిమానాలు మాత్రం ఉంటాయి. తింటే 100 దిర్హమ్‌లు. సీటు మీద కాళ్ళు పెడితే 100. గోల్డ్ తరగతిలో మామూలు కార్డుతో కూర్చుంటే 100. ఆడవాళ్ళకూ పిల్లలకూ కేటాయించిన పెట్టెలో మగవాడు ఎక్కితే 100. ఆ పెట్టె ఎక్కడ ఆగుతుందో ప్లాట్‌ఫారం నేల మీద గులాబీ రంగు గీత ఉంటుంది. 100 దిర్హమ్‌లంటే మన డబ్బు రెండు వేల పైచిలుకు.

ఇన్ని జరిమానాలున్న ఊళ్ళో ఆవిడకు బాధ్యత అప్పగించడం మంచిది కాదనుకున్నాను. 'నోల్' కార్డు అని ఉంటుంది, లోపలికి వెళ్ళేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ గేటుకు తాకించాలి. మా ఇద్దరి కార్డులూ నా చొక్కా జేబులోనే పెట్టుకున్నాను. ఆవిడ ఫోను ఛార్జింగ్ అయిపోతే నా సంచిలో పెట్టి పవర్ బ్యాంకు తగిలించాను. అక్కడి సిమ్ ఉన్నది నా ఫోనులోనే, ఆవిడ ఫోను నా హాట్‌స్పాట్ మీద బతుకుతోంది. ఆవిడ చేతిలో మిగిలింది ఎండు నిమ్మకాయల పొట్లం, శాలువ.

యూనియన్ స్టేషన్లో ఆకుపచ్చ లైను దిగి ఎర్ర లైను ఎక్కాలి. సాయంత్రం జనం బాగా ఉన్నారు. "నువ్వు ఆ గులాబీ గీత దగ్గర ఎక్కు, కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. నేను పక్క పెట్టెలో ఎక్కుతాను. బుర్జ్ అని వినపడగానే దిగెయ్" అని చెప్పాను. పూర్తి పేరు చెబితే కంగారుపడుతుందని క్లుప్తంగా చెప్పాను. ఆ క్లుప్తతే నా కొంప ముంచింది.

రైలు వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. అడుగు లోపల పెట్టబోతూ ఉండగా నా దవడ పక్కన భోజనం తరవాత పెట్టుకున్న లవంగం గుర్తుకొచ్చింది. లవంగం తినడం కిందికి వస్తుందా? చప్పరించడం తినడమేనా? ట్రెజరీలో ఇలాంటి సందేహానికి పై అధికారికి రాసేవాళ్ళం, మూడు నెలలలో జవాబు వచ్చేది. ఇక్కడ అంత వ్యవధి లేదు. జేబురుమాలు తీసి, నోటికి అడ్డం పెట్టి, లవంగాన్ని మర్యాదగా అందులోకి దించి మడత పెట్టేలోపు తలుపులు మూసుకున్నాయి. అద్దం అవతల మా ఆవిడ చోటు దొరికించుకుని కూర్చుంటోంది. నా వైపు చూడనైనా చూడలేదు.

వెంటనే ఫోను తీసి "ఎక్కడున్నావు?" అని వాట్సాప్‌లో కొట్టాను. నా సంచిలో టింగుమని మోగింది.

తరవాతి రైలు రాగానే పరిగెత్తి ఎదురుగా ఉన్న తలుపులోంచి దూరాను. లోపల ఏదో తేడాగా ఉందనిపించింది. అందరూ నన్నే చూస్తున్నారు. అందరూ అంటే అందరూ ఆడవాళ్ళే. ఒక పెద్దావిడ మాట్లాడకుండా వేలితో నేల మీద గీత చూపించింది. నేను అటు నడిచేలోపు తనిఖీ చేసే ఆయన అటునుంచే వచ్చాడు. "మా ఆవిడ ఈ పెట్టెలో ఎక్కింది" అన్నాను వచ్చిన ఇంగ్లీషులో. ఆయన పెట్టె అంతా చూసి, "ఎవరు?" అన్నాడు. "ఈ పెట్టె కాదు, ముందు రైలులో ఇదే పెట్టె" అన్నాను. ఆయన ముఖంలో నాకు బాగా తెలిసిన కవళిక ఒకటి కనిపించింది. మా ఆఫీసు కిటికీ దగ్గర పింఛనుదారులు కథలు చెబుతుంటే నేను పెట్టిన ముఖం అది. డబ్బు తీద్దామని జేబులో చేయి పెట్టాను. పర్సు కంటే ముందు ఉల్లిపాయ బయటికి వచ్చి, పెట్టె పొడవునా దొర్లుకుంటూ పోయి, ఎవరి చెప్పు దగ్గరో ఆగింది. ఆ అమ్మాయి దాన్ని తీసి, తుడిచి, రెండు చేతులతో నాకు అందించింది. 100 దిర్హమ్‌లు కట్టి రసీదు తీసుకున్నాను.

బుర్జ్ ఖలీఫా స్టేషన్లో ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకు నాలుగుసార్లు తిరిగాను. ఆవిడ లేదు. స్టేషన్ నుంచి దుబాయ్ మాల్‌కు గాజు వంతెనలా ఒక దారి ఉంది, 820 మీటర్లు, కదిలే పట్టీ మీద నిలబడితే అదే మోసుకుపోతుంది. జనంతోపాటు వెళ్ళిపోయిందేమోనని నేనూ వెళ్ళాను. కార్డు లేకుండా గేటు ఎలా దాటుతుందన్న ఆలోచన నాకు సగం దారిలో వచ్చింది. ఆ పట్టీ మీద వెనక్కి నడిచేవాణ్ణి చూడాలంటే ఆ రోజు నన్ను చూడాలి.

అప్పుడే ఫోను వరసగా మోగసాగింది. మా బంధువుల వాట్సాప్ గుంపు.

"బావగారు దుబాయ్‌లో తప్పిపోయారు. ఎవరూ కంగారు పడకండి." ఇది రాజమండ్రి నుంచి మా బావమరిది.

"ఏం దుస్తులు వేసుకున్నారు?"

"నీలం గళ్ళ చొక్కా. జేబులో ఉల్లిపాయ ఉంటుందట."

"అన్నవరం సత్యదేవుడికి మొక్కుకున్నాను. వ్రతం దంపతులిద్దరూ చేయించుకోవాలి." మా పిన్ని.

"నాకు ముందే తెలుసు." ఇది ఎవరో ఇప్పటికీ తేలలేదు, నంబరు మాత్రం మా అన్నయ్య ఇంటిదే.

నేను తప్పిపోవడం ఏమిటి? బావమరిదికి వాట్సాప్‌లో కాల్ చేశాను. తిరుగుతోంది, తిరుగుతోంది, కలవదు. ఆ దేశంలో వాట్సాప్ మాటలు పనిచేయవు, రాతలే వెళతాయి. ఇది నా 14వ అంశం. అమ్మాయి ఇన్నేళ్ళుగా వేరే యాప్‌లో మాట్లాడుతున్నది అందుకే. మామూలు ఐఎస్‌డీ కాల్ చేసి, నిమిషానికి ఎంతో చూసుకోకుండా, "నేను కాదు, మీ చెల్లెలు తప్పిపోయింది" అన్నాను.

"అదేమిటి బావగారూ, చెల్లాయి హాయిగా బుర్జుమాన్ స్టేషన్లో కూర్చుని ఉంది. మీరే కనబడటం లేదని చెప్పింది."

యూనియన్ తరవాత వచ్చే మొదటి స్టేషనే బుర్జుమాన్. ఆవిడకు "బుర్జ్" అని వినపడింది. దిగింది.

వెళ్ళేసరికి ఒక బల్ల మీద శాలువ కప్పుకుని, ఎండు నిమ్మకాయల పొట్లం ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. పక్కన స్టేషన్లో శుభ్రం చేసే కుర్రాడు నిలబడి ఉన్నాడు. జగిత్యాల వైపు అబ్బాయి. ఈవిడ తనలో తాను "ఈయన ఎక్కడికి పోయాడో" అనుకుంటుంటే తెలుగు విని ఆగాడట. అతని ఫోను నుంచే కాల్ చేసింది. ఇరవై ఏళ్ళుగా మారని అన్నయ్య నంబరు ఒక్కటే ఆవిడకు కంఠతా వచ్చు. మిగిలినవన్నీ ఫోనులో ఉన్నాయి, ఫోను నా సంచిలో ఉంది.

"సార్, అమ్మ అసలు కంగారు పడలేదు" అన్నాడు ఆ అబ్బాయి. నన్ను ఓదార్చడానికే అన్నాడనుకుంటాను.

ఆరున్నర దాటింది. టికెట్లు పోయాయి. నేను ఆ మాట అంటే, "నేను ఆరేళ్ళ నుంచి ఇక్కడే ఉన్నాను సార్, ఇంతవరకు పైకి ఎక్కలేదు. కింద నిలబడి చూస్తే ఎవరూ డబ్బు అడగరు" అన్నాడు. ఫోను ఖర్చు ఇవ్వబోతే తీసుకోలేదు. ఆవకాయ అంటే మాత్రం కాదనలేదు. మర్నాడు ఆవిడ సీసా నింపి, నన్ను పంపించింది. ఒంటరిగా వెళ్ళనివ్వలేదు, అల్లుణ్ణి తోడిచ్చింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు. అల్ గుబైబా దాకా వెళ్ళి క్రీక్ ఒడ్డున, అంటే ఊళ్ళోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ ఒడ్డున, అబ్రా ఎక్కాం. అబ్రా అంటే చెక్క పడవ, పైన కప్పు, మధ్యలో బల్ల, చుట్టూ కూర్చున్న జనం. మేం వెళ్ళినప్పుడు మనిషికి ఒక్క దిర్హమ్. ఏసీ లేదు. వేడి గాలి మొహానికి కొట్టింది. మూడు రోజులలో మొదటిసారి నా తుమ్ములు ఆగాయి. మేం ఎక్కిన ఒడ్డున పాత ఇళ్ళ గాలి గోపురాలకు దీపాలు వెలిగించారు. కరెంటు లేని రోజులలో ఆ గోపురాలే పై గాలిని పట్టి గదుల్లోకి దించేవి. శాలువ అవసరం రాని పద్ధతి.

నోటుబుక్కు తీసి 62వ అంశంగా 'బుర్జుమాన్ వేరు, బుర్జ్ ఖలీఫా వేరు' అని రాసుకుంటున్నాను. మా ఆవిడ చేయి చాపింది.

"నా కార్డు ఇలా ఇవ్వండి."

ఇచ్చాను.

"ఫోను."

ఇచ్చాను. చేయి ఇంకా చాపే ఉంచింది.

"ఇంకేమిటి?"

"ఆ ఉల్లిపాయ కూడా. రేపు ఉప్మాలోకి వస్తుంది."