గట్టు మీది మనిషి

ఎక్కడ యుద్ధం చల్లబడినా ఒకటే ప్రశ్న: మధ్యలో ఎవరు నిలబడాలి? వెంటనే స్విట్జర్లాండ్, ఆస్ట్రియా, ఐర్లాండ్ అంటూ తటస్థ దేశాల పేర్లు బయటికొస్తాయి. ఈ విషయంలో ఐక్యరాజ్యసమితి ఇంతవరకు నన్ను సంప్రదించలేదు. నష్టం దానికే. హనుమకొండలో మా గల్లీలో పది నెలలు శాంతిదళం నడిపినవాణ్ని. దళంలో నేనొక్కణ్నే.

గొడవ బోరు మోటరుది. ఎదురింట్లో కింది పోర్షన్ అన్నది, పైది తమ్ముడిది. ఎవరు ఎంతసేపు మోటరు వేశారన్న దగ్గర మొదలై, తండ్రి దినాల ఖర్చు ఎవరు పెట్టుకున్నారన్న దాకా పోయింది. చివరికి స్టార్టర్ డబ్బాకు తాళం వేసి చెవి నా చేతిలో పెట్టారు. "మీరైతే ఎవరి దిక్కూ కాదు గద సార్!"

తటం అంటే గట్టు, తటస్థుడంటే గట్టు మీద ఉన్నవాడు. భద్రకాళి చెరువు కట్ట మీదైతే చల్లగాలి తగులుతుంది. ఈ గట్టు మీద రెండు దిక్కుల నుంచీ బురదే. పొద్దున ఐదున్నరకు కిందికి అరగంట, వాల్వు తిప్పి పైకి అరగంట. కింద టీ తాగితే పైవాళ్లు కిటికీలోంచి చూస్తారు. కాబట్టి పైన కూడా తాగాలి. నాకు షుగర్. కరెంటు పోయిన పూట పక్షపాతం నాదే.

మన దేశానికీ ఇది అనుభవమే. కొరియా యుద్ధం ఆగాక, 1953లో యుద్ధఖైదీల సంగతి తేల్చే తటస్థ దేశాల సంఘానికి మన జనరల్ తిమ్మయ్యే పెద్దమనిషి. మన సైనికులు తన నేల మీద కాలు పెట్టొద్దని దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీ పట్టుబట్టాడు. వాళ్లను హెలికాప్టర్లలో తీసుకెళ్లి మధ్య జోన్‌లో దించారు. పంచాయితీ చెప్పాలి కానీ గడప తొక్కొద్దన్నమాట! చివరికి అటూ ఇటూ పోమన్న 88 మంది ఖైదీలు మనవాళ్ల వెంట ఇండియాకే వచ్చారు. ఎదురింటి పిల్లలు ముగ్గురూ ఆ పది నెలలు టీవీ చూసింది మా ఇంట్లోనే.

స్విస్ వాళ్లది ఇంకో తిప్పలు. 1999లో శాంతిదళంగా కొసొవోకు వెళ్లినప్పుడు వాళ్ల దగ్గర సరైన ఆయుధాల్లేవు, ఆస్ట్రియా దళం కాపలా కాసింది. అదీ తటస్థ దేశమే. నాకు కుక్కల నుంచి కాపలాగా మా ఆవిడ కర్ర పట్టుకొని వచ్చేది.

దసరా నాడు అన్నదమ్ములు జమ్మి ఇచ్చిపుచ్చుకొని అలయ్ బలయ్ చేసుకున్నారు. తెల్లారేసరికి డబ్బాకు కొత్త తాళం. అసలు ఇద్దరి మధ్య చిచ్చు పెట్టిందే సార్ అంటున్నారట.

రెండు కొరియాల సరిహద్దులోని పాన్‌మున్‌జోమ్‌లో, ఆనాటి కాల్పుల విరమణను కనిపెట్టుకుని ఉండే సంఘమొకటుంది. ఉత్తర కొరియా దాన్ని లెక్కచేయడం మానేసి మూడు దశాబ్దాలవుతోంది. స్విస్, స్వీడన్ అధికారులు ఇంకా అక్కడే ఉన్నారు. నేనూ ఐదున్నరకే లేస్తున్నాను. పాత చెవి జేబులోనే ఉంది.