మాల తీసిన మర్నాడు

కార్తీక మాసం వస్తే హనుమకొండ, కాజీపేట, వరంగల్ వీధుల్లో అయ్యప్ప దీక్ష నల్ల బట్టలు కనిపించడం మొదలవుతుంది. నిన్న రాత్రి దాకా వైన్స్ పక్కనున్న పర్మిట్ రూములో కూర్చున్న మనిషి ఇవాళ తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం చేసి, మెడలో మాలతో, నుదుట గంధంతో గుడి మెట్లెక్కుతుంటాడు. హనుమాన్ జయంతికి ముందు జగిత్యాల, కరీంనగర్ వైపు ఇదే దృశ్యం కాషాయ రంగులో కనిపిస్తుంది. మాల విరమణకు దీక్షాపరులు కొండగట్టు అంజన్న సన్నిధికి వేల సంఖ్యలో చేరుకుంటారు. భార్య కన్నీళ్లకు, పిల్లల అలకకు, డాక్టరు హెచ్చరికకు లొంగని తాగుడు 41 రోజుల పాటు ఒక పూసల దండకు లొంగిపోతుంది.

ఉత్తర తెలంగాణలో మద్యం మానడం గురించి మాట్లాడాల్సి వస్తే నేను ఈ దీక్షల నుంచే మొదలుపెడతాను. భక్తి మహిమ చెప్పడం నా ఉద్దేశం కాదు. మానడం తమ వల్ల కాదని చెప్పుకునే మనుషులే ఏటా మాని చూపిస్తున్నారన్న సంగతిని మన వైద్య వ్యవస్థ గానీ, ఎక్సైజ్ రాబడి లెక్కలు రాసుకునే ప్రభుత్వం గానీ ఒక అవకాశంగా చూస్తున్న దాఖలా కనిపించదు. మానడం మనవాళ్లకు తెలుసు. వాళ్లను ఎవరూ సిద్ధం చేయనివి రెండు రోజులు: మాల వేసుకున్న తర్వాత వచ్చే మూడో రోజు, మాల తీసిన మర్నాడు వచ్చే నలభై రెండో రోజు. మొదటిది కొందరి ప్రాణం మీదికి తెస్తుంది. రెండోది అప్పటిదాకా ఒళ్లు కూడబెట్టుకున్నదంతా ఊడ్చుకుపోతుంది.

ముందు ఆ 41 రోజుల్లో ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. మన దగ్గర రోజువారీ కొలత కోటర్. ఆ 180 మిల్లీలీటర్ల సీసాలో 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది. తూకంలో చెప్పాలంటే సుమారు 60 గ్రాములు. ఒక్క పూటలో 60 గ్రాములు తాగితే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అతిగా తాగడం కిందే లెక్కిస్తుంది. రోజూ ఆ మోతాదు దాటేవాళ్లలో నూటికి 90 మందికి కాలేయంలో కొవ్వు పేరుకుంటుందని వైద్యశాస్త్రం ఎన్నడో తేల్చింది. 'నేను హద్దులోనే ఉంటా, కోటర్ దాటను' అని గర్వంగా చెప్పుకునే మన మర్యాదస్తుడు సరిగ్గా ఆ గీత మీదే నిలబడి ఉన్నాడు. అయితే ఇందులో ఊరటనిచ్చే విషయం ఒకటుంది. కొవ్వు పట్టిన దశలోనే మద్యం పూర్తిగా ఆపితే చాలామందిలో రెండు నుంచి ఆరు వారాల్లో ఆ కొవ్వు కరిగిపోతుంది. రక్తపరీక్షలో మద్యం తాకిడిని తొందరగా పట్టిచ్చే జీజీటీ అనే ఎంజైము రెండు మూడు వారాలకు సగానికి పడిపోతుంది. రక్తపోటు దిగుతుంది, ఆకలి తిరిగి వస్తుంది. నిద్ర మాత్రం అంత తొందరగా కుదురుకోదు; దానికి నెలలు పట్టవచ్చు. ఏమైనా మన పెద్దలు మండలం అని పెట్టిన 41 రోజుల గడువు, కాలేయం తేరుకోవడానికి పట్టే గడువు దాదాపు ఒక్కటే కావడం యాదృచ్ఛికమే అయినా ఉపయోగపడే యాదృచ్ఛికం.

కాలేయం గట్టిపడి సిర్రోసిస్ దాకా వెళ్లినవాళ్ల సంగతి వేరు. ఆ మచ్చలు పూర్తిగా చెరిగిపోతాయని ఆశపెట్టడం మోసం అవుతుంది. కానీ 'ఇక చేసేదేముంది, ఉన్నన్నాళ్లు తాగనీ' అనే మాట, మన ఊళ్లలో జాలితో అనే మాట, అంతకంటే పెద్ద తప్పు. సిర్రోసిస్ వచ్చాక మానినవాళ్లు మాననివాళ్ల కంటే ఎక్కువ కాలం బతుకుతారు. కడుపులో నీరు చేరిన దశలో మానినా నీరు తగ్గి, మందులు తగ్గి, మళ్లీ పనిలోకి వెళ్లినవాళ్లు ఉన్నారు. కాలేయ మార్పిడి దాకా పోయినా చాలా కేంద్రాలు కొన్ని నెలల పాటు మద్యం ముట్టకుండా ఉన్నారా లేదా అనేదే మొదట అడుగుతాయి. ఏ దశలోనైనా మానడమే మొదటి వైద్యం. మిగతావన్నీ దాని వెనక వచ్చేవే.

ఇప్పుడు మూడో రోజు దగ్గరికి వద్దాం. ఏళ్ల తరబడి రోజూ తాగిన మెదడు మద్యం మత్తుకు ఎదురుగా తనను తాను బిగించుకొని ఉంటుంది. మత్తు ఒక్కసారిగా ఆగితే ఆ బిగింపు విడుచుకుంటుంది. ఆఖరి గ్లాసు తర్వాత ఆరు గంటల నుంచే చేతులు వణకడం, చెమటలు, వాంతులు, గుండెదడ మొదలవుతాయి. రెండు రోజుల లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో కొందరికి డెలీరియం ట్రెమెన్స్ అనే స్థితి వస్తుంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటాడు, చచ్చిపోయినవాళ్లతో మాట్లాడతాడు, మంచం దిగి పరుగెత్తుతాడు. వైద్యం అందకపోతే ప్రాణం పోయే స్థితి ఇది. మన ఇళ్లలో దీన్ని గాలి సోకిందనో, ఎవరో ఏదో చేశారనో అనుకొని తాయెత్తు కట్టిస్తారు, లేదా మంచానికి కట్టేస్తారు. అదే మనిషి మాలలో ఉంటే దీక్షలో ఏదో అపచారం జరిగిందని భయపడతారు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో వైన్సులూ కల్లు దుకాణాలూ ఒక్కసారిగా మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ముందు ఇలాంటి రోగులే బారులు తీరారు. మానడం మంచిదే అయినా ఎలా మానుతున్నామన్నది చావుబతుకుల లెక్క అని అప్పుడు రాష్ట్రమంతా చూసింది, మే 6న దుకాణాలు తెరవగానే మరిచిపోయింది.

ఊళ్లో వణుకుతున్న మనిషిని మొదట చూసేది ఆర్ఎంపీ. ఆయన చేసే మొదటి పని గ్లూకోజ్ సీసా ఎక్కించడం. నీరసానికి గ్లూకోజ్ అనే లెక్క మనందరికీ సహజంగా తోస్తుంది గానీ, దీర్ఘకాలం తాగినవాళ్ల ఒంట్లో బి1 విటమిన్, అంటే థయామిన్, అడుగంటి ఉంటుంది. ఆ ఉన్న కాస్తా గ్లూకోజును ఖర్చు చేయడానికే అయిపోతే మెదడు దెబ్బతింటుంది. చూపు చెదిరి, నడక తూలి, మనిషి అయోమయంలో పడతాడు, ఆలస్యమైతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. అందుకే ఆసుపత్రుల్లో గ్లూకోజ్ కంటే ముందుగానో, దాంతో పాటుగానో థయామిన్ ఇంజెక్షన్ ఇస్తారు. కొన్ని రూపాయల మందు ఇది. ఊరూరా ఉన్న ఆర్ఎంపీలను తిట్టిపోయడం తేలిక. ఈ ఒక్క సంగతి వాళ్లకు చేరవేయడం ఇంకా తేలిక, అయినా చేయలేదు. పొద్దున లేవగానే చెయ్యి వణికి, చుక్క పడితే తప్ప ఆగనివాళ్లు, ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చినవాళ్లు మాల వేసుకునే ముందే డాక్టరును కలవాలి. లోరజెపామ్ లాంటి మాత్రలను వారం రోజుల పాటు తగ్గించుకుంటూ ఇస్తే ఆ గండం గడుస్తుంది. మాత్ర వేసుకుంటే దీక్ష భంగమవుతుందని ఏ గురుస్వామీ అనడు.

కల్లు గురించి విడిగా చెప్పాలి. మన దగ్గర కల్లు తాగుడు కింద లెక్కకు రాదు, డాక్టరు 'తాగుతారా?' అంటే 'లేదు సార్, కల్లే' అనడం పరిపాటి. తాటి, ఈత చెట్ల నుంచి పొద్దున దింపిన చెట్టు కల్లు ఒకటి, పట్టణాల దుకాణాల్లో దొరికే మందు కల్లు మరొకటి. నిజామాబాద్, కామారెడ్డి వైపు ఈ రెండో రకంలో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి నిద్రమందులు కలుపుతూ పట్టుబడిన కేసులు ఎన్నో ఉన్నాయి. గీత కార్మికుడి కష్టానికీ ఈ కల్తీకీ సంబంధం లేదు. రోజూ ఆ కల్లు తాగి ఒక్కసారిగా మానినవాళ్లకు వచ్చేది మద్యం తాలూకు ఇబ్బంది మాత్రమే కాదు, నిద్రమాత్రలు ఆపిన ఇబ్బంది కూడా. మెడ వంకర్లు పోతూ, పొంతన లేకుండా మాట్లాడుతూ ఆసుపత్రికి వచ్చిన మనిషి కల్లు సంగతి దాచిపెడితే వైద్యం దారి తప్పుతుంది.

తెలుగులో మందు అనే మాటకు రెండు అర్థాలుండటం నవ్వుకోవడానికి బాగుంటుంది గానీ, 'మందు మాన్పించే మందు' అంటూ గోడల మీద కనిపించే ప్రకటనల దగ్గర నవ్వు ఆగిపోతుంది. తాగేవాడికి తెలియకుండా అన్నంలో, చాయ్‌లో కలిపి పెట్టమని ఇచ్చే ఆ పొడుల్లో ఏముందో అమ్మేవాళ్లు చెప్పరు. డాక్టర్లు రాసే డైసల్ఫిరామ్ అనే మాత్ర ఉంది. అది ఒంట్లో ఉండగా మద్యం ముడితే ముఖం ఎర్రబడి, రక్తపోటు పడిపోయి, గుండె ఆగే ప్రమాదం కూడా ఉంటుంది. రోగికి తెలిసి, ఒప్పుకొని, ఎదురుగా వేసుకోవాల్సిన మాత్రను దొంగచాటుగా పెట్టడమంటే తెలియకుండా ఉచ్చు బిగించడమే. పైగా కాలేయం పాడైనవాళ్లకు అది పనికిరాదు. అలాంటివాళ్లలో కోరిక తగ్గించడానికి డాక్టర్లు బాక్లోఫెన్ వంటివి చూసుకుంటారు.

కళ్లు పచ్చబడ్డాక జరిగేది మరో కథ. పచ్చకామెర్లన్నీ ఒకటే అనుకొని పసరు పోయించుకోవడానికి ఊళ్లు పట్టి తిరుగుతారు. మద్యం వల్ల కాలేయం వాచి వచ్చిన కామెర్లకు ఆ తిరుగుడులో పోయే వారం రోజులే విలువైనవి. పసరు కంటే నాకు ఎక్కువ భయం పథ్యం. పప్పు బంద్, గుడ్డు బంద్, నూనె బంద్, చప్పిడి అన్నం, మజ్జిగ. తాగుడుతో కండ కరిగిపోయిన మనిషికి కావలసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. సిర్రోసిస్ ఉన్నవాళ్లకు కూడా కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలని ఇప్పటి వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. రాత్రి పడుకోబోయే ముందు ఏదైనా తినమని కూడా అంటాయి, ఎందుకంటే పాడైన కాలేయం రాత్రి ఖర్చుకు సరిపడా శక్తిని దాచుకోలేదు. అరవై కిలోల మనిషికి రోజుకు 72 గ్రాముల మాంసకృత్తులైనా పడాలి. పప్పు, పాలు, గుడ్లు ఆపితే అది ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక నలభై రెండో రోజు. దీక్ష ఎందుకు పనిచేస్తుందో గమనిస్తే, అది ఎందుకు ఆగిపోతుందో అర్థమవుతుంది. మాల వేసుకున్నవాడి పేరు మారుతుంది. ఇంట్లో భార్య, బజారులో పాత దోస్తు అందరూ స్వామీ అనే పిలుస్తారు. బట్టలు మారతాయి, నిద్రలేచే వేళ మారుతుంది, సాయంత్రం ఆరు గంటలకు పర్మిట్ రూముకు బదులు భజన ఉంటుంది, కాలు జారేలా ఉంటే చెప్పుకోవడానికి గురుస్వామి ఉంటాడు. 1935లో అమెరికాలో మొదలై మన రాష్ట్రంలోనూ నడుస్తున్న ఆల్కహాలిక్స్ అనానిమస్ బృందాలు చేసేదీ ఇదే: అదే బాధ పడినవాళ్లతో కూర్చోవడం, ముందు మానినవాడు తర్వాతివాడి చెయ్యి పట్టుకోవడం. తేడా ఒక్కటే. అక్కడ విరమణ తేదీ లేదు. ఇక్కడ మాల తీయగానే పేరు, బట్టలు, భజన, గురుస్వామి అన్నీ ఒక్క పూటలో పోతాయి. మండల పూజ డిసెంబరు 26, 27 ప్రాంతంలో వస్తుంది. దాని వెనకే డిసెంబరు 31 కాచుకొని ఉంటుంది. పెండ్లి, పురుడు, ఆఖరికి చావు దినం కూడా చుక్క లేకుండా గడవని సమాజంలో, 'ఇన్నాళ్లు ఆగినవ్ గదా, ఇయ్యాలొక్కటి' అనే మాటను తట్టుకోవడానికి అతని దగ్గర ఏమీ మిగలదు.

అంకెలు కూడా ఈ ఒత్తిడినే చెబుతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటిన పురుషుల్లో మద్యం తాగేవాళ్లు దేశంలో 18.8 శాతమైతే తెలంగాణలో 43.3 శాతం, స్త్రీలలో దేశంలో 1.3 శాతం, ఇక్కడ 6.7 శాతం. ఈ స్త్రీలలో చాలామందికి దీక్ష దారి కూడా లేదు. అయ్యప్ప మాల వయసులో ఉన్న ఆడవాళ్లకు అందదు, డీఅడిక్షన్ వార్డుకు వెళ్తే ఊరంతా నోళ్లు తెరుస్తుంది. 2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ ప్రచురించిన సర్వే, మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని తేల్చింది. రెండేళ్లకోసారి 2,620 దుకాణాలకు లాటరీ తీసి దరఖాస్తు రుసుముతోనే వేల కోట్లు రాబట్టుకునే రాష్ట్రం, ఆ మిగిలిన 37 మందికి ఏం బాకీ ఉందో అడగాల్సిందే. నిషేధం గురించి కాదు నేను మాట్లాడుతున్నది. 1995లో పెట్టి 1997లో సడలించిన నిషేధాన్ని మనం చూశాం.

అడగదలచుకున్నది చాలా చిన్నది. జగిత్యాల, మంచిర్యాల, రామగుండం, భూపాలపల్లి, జనగామ, సిరిసిల్ల, నిర్మల్‌లలో ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఎలాగూ ఉంది. దీక్షల కాలంలో సన్నిధానాల దగ్గర, కొండగట్టు దారిలో ఒక బల్ల వేసి, మాల వేసుకునే రోజున కాలేయ పరీక్షకు రక్తం తీయాలి. వణుకు ఉన్నవాళ్లను అప్పుడే పట్టుకొని మాత్రలు, థయామిన్ ఇవ్వాలి. 41వ రోజున మళ్లీ రక్తం తీసి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చేతికివ్వాలి. దాంతోపాటే తర్వాతి నెలకు మానసిక వైద్య విభాగంలో ఓపీ తేదీ రాసివ్వాలి. ఉపన్యాసం అక్కర్లేదు. ఇంటి నుంచే మాట్లాడాలనుకునేవాళ్లకు వ్యసన విముక్తి కోసం 14446, మానసిక ఆరోగ్యం కోసం టెలి మానస్ 14416 ఉచితంగా ఉన్నాయి. ఈ రెండు నంబర్లు ఇప్పటికి ఎన్ని బెల్టు షాపుల గోడల మీద రాసి ఉన్నాయో ఊహించుకోవచ్చు.

పరకాల దగ్గర మా మేనమామ వరుసగా మూడేళ్లు మాల వేసుకున్నాడు, మూడేళ్లూ సంక్రాంతికల్లా మళ్లీ మొదలుపెట్టాడు. నాలుగో ఏడు అల్లుడి పోరు పడలేక ముందొకసారి, చివరొకసారి రక్తపరీక్ష చేయించుకున్నాడు. కాలేయం దెబ్బను చూపే ఎస్‌జీఓటీ, జీజీటీ అంటే ఏమిటో ఆయనకు తెలియదు గానీ, మొదటి కాగితంలో హద్దు దాటాయని ముద్దక్షరాల్లో ఉన్న అంకెలు రెండో కాగితంలో మామూలుగా ఉండటం కనిపించింది. మాల తీసిన మూడో రోజు ఆసుపత్రికి వెళ్లి మాత్రలు రాయించుకున్నాడు, దినాలకు వెళ్తే భోజనం కాగానే లేచి వచ్చేయడం నేర్చుకున్నాడు, ఒకసారి తప్పాడు, మళ్లీ ఓపీకి వెళ్లాడు. ఐదేళ్లవుతోంది. ఇప్పటికీ ఊళ్లో కొందరు ఆయన్ను స్వామీ అనే పిలుస్తారు. మాల లేదు కదా అని ఆయన వాళ్లను సరిదిద్దడు.