హెడ్డింగ్ కత్తిరించిన ముత్తాత

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో మొన్న ఒక పాత కాగితం ఫొటో పడింది. ముదురు పసుపు రంగు, సన్నటి ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో ఎర్ర సున్నా. సున్నా లోపల మా ముత్తాత పేరు, ఆయన తండ్రి పేరు, ఊరు, సర్వే నంబరు, విస్తీర్ణం, చివర్న పదకొండు రూపాయల చిల్లర. కింద మా బావ వ్యాఖ్య: "బ్రిటిష్ ప్రభుత్వ గెజిట్‌లో మన తాతయ్య! ఇలాంటి వంశంలో పుట్టినందుకు గర్వపడదాం." ఆ కింద ఇక నమస్కారాలే నమస్కారాలు, జెండాలు, ఒక సింహం బొమ్మ కూడా.

నాకు అనుమానం ఎక్కడ వచ్చిందంటే, ఆ ఫొటోకి తల లేదు. పేజీ పైభాగం కత్తిరించేసి ఉంది. సర్కారు ప్రకటనలన్నీ అచ్చయ్యే గెజిట్ తిరగేసే అలవాటున్న ఎవరికైనా తెలుసు, అందులో పేరు ఉండటం గొప్ప కాదు, ఏ హెడ్డింగ్ కింద పడిందో చూడాలి. రావు సాహెబ్ బిరుదు ఇచ్చినా పేరు వేస్తారు, దివాలా తీసినా పేరు వేస్తారు. సరే, పూర్తి పేజీ సంపాదించి చూశాను. అది జిల్లా గెజిట్. పైన 1864 నాటి మద్రాసు రెవెన్యూ రికవరీ చట్టం పేరు, దాని కింద శిస్తు బకాయిలకు జప్తు చేసిన భూముల వేలం ప్రకటన. మా ముత్తాత బకాయిదారుల వరసలో ఉన్నాడు. ఆ పదకొండు రూపాయల చిల్లర సర్కారు ఆయనకిచ్చిన సన్మానం అనుకున్నారు మావాళ్ళు. పాపం, అది ఆయన సర్కారుకి కట్టలేకపోయిన సొమ్ము.

మన చరిత్ర రచనలో క్రాప్ బటన్ చేసిన సేవను పండితులు ఇంకా సరిగ్గా గుర్తించలేదని నా వినయపూర్వకమైన అభిప్రాయం.

పూర్వం ఈ పని ఇంత సులువు కాదు. పాత పత్రిక చూడాలంటే వేటపాలెం వెళ్ళి సారస్వత నికేతనం గ్రంథాలయంలో కూర్చోవాలి, గెజిట్ కావాలంటే మద్రాసు ఎగ్మోరులోనో హైదరాబాదు తార్నాకలోనో ఉన్న ఆర్కైవ్స్ గుమ్మం ఎక్కాలి, దరఖాస్తు పెట్టాలి, కట్ట వచ్చేదాకా ఫ్యాను కింద గోళ్ళు గిల్లుకోవాలి. కాబట్టి నిజంగా అవసరం ఉన్నవాడే వెళ్ళేవాడు. ఇప్పుడు ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక, గోలకొండ పత్రిక లాంటివి స్కానై నెట్‌లోకి వచ్చాక, న్యూజెర్సీలో నిద్రపట్టని ప్రతి అల్లుడూ చరిత్రకారుడే. దుమ్ము లేదు, తుమ్ము లేదు. తలనొప్పి మాత్రం వస్తుంది, ఆ అక్షరాలు అలాంటివి. దానికీ మందు ఆ పేజీలోనే ఉంటుంది, ఆంధ్రపత్రిక పెట్టినాయన అమృతాంజనం కూడా పెట్టినాయనే కదా.

ఇంతకీ వీళ్ళు వెతికేది ఏమిటి? రావు బహద్దూర్ని. జనవరి ఒకటిన ఒక బిరుదుల జాబితా, రాజుగారి పుట్టినరోజుకి ఇంకొకటి వచ్చేవి, ముందు వాటి మీద పడతారు. అక్కడ దొరక్కపోతే వెంటనే దేశభక్తి పుట్టుకొస్తుంది, 1930 ఉప్పు సత్యాగ్రహం అరెస్టుల వార్తల్లోకి దూకుతారు. కొందరికి రెండూ కావాలి, తెల్లవాడు మెచ్చి బిరుదు ఇచ్చిన తాతా, తెల్లవాడిని ఎదిరించి జైలుకెళ్ళిన తాతా ఒకడే అయితే ఇంకా మంచిది, ఫ్లెక్సీలో చోటు కలిసొస్తుంది. 1972లో స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పథకం వచ్చినప్పుడు ఇలాంటి వెతుకులాటే ఒకసారి జరిగింది గానీ, అప్పుడు జైలు కాగితం చూపించమనేవాళ్ళు. వాట్సాప్ గ్రూపులో ఆ ఇబ్బంది లేదు.

నిజాం ఇలాకాలో మూలాలున్న బంధువులది ఇంకా హాయి. వాళ్ళ గెజిట్ జరీదా, అది ఉర్దూలో ఉంటుంది. చదవడం రాని కాగితంలో ఎవరి తాతైనా జాగీర్దారే.

పరీక్షా ఫలితాల సంగతి వేరే చెప్పాలి. పాత పేపర్లలో పాసైనవాళ్ళ నంబర్లు పేజీలకు పేజీలు ఉంటాయి. పేర్లు ఉండవు. మన పెద్దవాళ్ళు "పేపర్లో నంబరు పడింది" అనేది అందుకే. మా చిన్న ముత్తాత వరసగా కొన్నేళ్ళపాటు ఆ పేజీలో నంబరు వెతుక్కుని, చివరికి పెళ్ళి చేసుకున్నాడని మా నాయనమ్మ చెప్పేది. ఇప్పుడు మా వంశవృక్షంలో ఆయన పేరు పక్కన మెట్రిక్యులేషన్ ఫస్టు క్లాసు అని ఉంది. ఆధారం? పేపరు కటింగు. అందులో నంబర్లున్నాయి, ఆయనది ఏదో ఒకటి కాకపోతుందా అని.

సరే, మా ముత్తాత దగ్గరికి వస్తాను. ఆ తల తెగిన గెజిట్ ముక్కని పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, సంక్రాంతికి ఫంక్షన్ హాలు మాట్లాడి కుటుంబ సమ్మేళనం పెట్టారు. గుమ్మంలో ఫ్లెక్సీ. మా ముత్తాత ఫొటో ఎవరి దగ్గరా లేదు కాబట్టి ఎవరిదో తలపాగా ఆయనకి పెట్టారు, ఆ తలపాగా కింద మా బావ ముఖాన్ని కాస్త ముసలిగా చేసి అతికించారు. పురోహితుడు ఫ్రేముకి పసుపు కుంకుమ పెట్టాడు. వేలం నోటీసుకి షోడశోపచార పూజ జరగడం దేశంలో బహుశా అదే మొదలు.

మా పెదనాన్న తహసీల్దారుగా రిటైరయ్యాడు. సర్వీసంతా బకాయి నోటీసులు ఇచ్చిన మనిషి. ఫ్రేము దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు పైకి కిందికి జరిపి, ఆ వరసలన్నీ చదివి, వెనక్కొచ్చి కూర్చుని, "కాఫీలు ఇంకా రాలేదేరా?" అన్నాడు. ఆ పూటకి ఆయన ఇంకేం మాట్లాడలేదు.

మైకు పట్టుకున్న తమ్ముడు మాత్రం ఆగలేదు. ఆ రోజుల్లో పదకొండు రూపాయలంటే మాటలా, అన్నాడు. ఒక మావయ్య ఫోన్ తీసి బంగారం ధరతో లెక్కకట్టాడు, అది లక్షల్లోకి వెళ్ళింది. ఇంకెవరో అది ఒక్కసారి ఇచ్చింది అయ్యుండదు, నెలనెలా ఇచ్చేవారేమో అన్నారు. పులిహోర వడ్డించేసరికి అది భరణం అయింది, పప్పులోకి వచ్చేసరికి జమీందారీ అయింది. పైగా విస్తీర్ణం దగ్గర రెండు ఎకరాల ముప్పై ఆరు సెంట్లని చెప్పే చుక్క కాగితం మడతలో పోయింది. అంటే రెండువందల ముప్పై ఆరు ఎకరాలు! హాలంతా చప్పట్లు. పెరుగన్నం దగ్గర ఒక్కసారిగా నిశ్శబ్దం. పెద్ద ముత్తాత సంతతిలో ఒకాయనకి అప్పుడే ఒక ప్రశ్న పుట్టింది. "మరి ఆ రెండువందల ముప్పై ఆరు ఎకరాల్లో మా వాటా ఏదీ?" చేతులు కడుక్కోకుండానే మొదలైంది. మీ తాతే తినేశాడు అని వీళ్ళు, మీ తాత పేకాటలో పెట్టాడు అని వాళ్ళు. శిస్తు కట్టలేక వేలానికి వెళ్ళిన రెండెకరాల చిల్లర కోసం, అది కూడా ఎనభై తొంభై ఏళ్ళ తర్వాత, సాయంత్రానికి ఇద్దరు లాయర్లకు ఫోన్లు వెళ్ళాయి.

నేను దీన్ని తప్పుపట్టడం లేదు. కోర్టుకి వెళితే మా వంశానికి మొదటిసారి సరైన వంశవృక్షం తయారవుతుంది. పార్టిషన్ దావా, అంటే ఆస్తి పంపకాల దావా, వేసేవాడు రాసుకునేంత శ్రద్ధగా తాతముత్తాతల వరస ఏ కవీ రాయడు. ఎవరు ఎవరి కొడుకు, ఎవరు దత్తు, ఎవరు సంతానం లేకుండా పోయారు, అన్నీ అందులో ఉంటాయి. నోటీసు అందని ప్రతివాదుల కోసం కోర్టు పేపర్లో ప్రకటన వేయిస్తుంది, చిన్న అక్షరాల్లో, తండ్రి పేరు, వయసు, ఊరుతో సహా. చిట్‌ఫండ్ ప్రకటనకీ నిద్రమాత్రల ప్రకటనకీ మధ్య మన కుటుంబమంతా వరసగా నిలబడి ఉంటుంది. మన ఆడవాళ్ళకి పత్రికలో సొంత పేరు దొరికిన చోట్లలో అదొకటి. ఫ్లెక్సీ మీద మా ముత్తవ్వ పేరు లేదు. ఎవరికీ తెలియదట. వంశవృక్షంలో కొడుకులు ఆకాశంలోంచి ఊడిపడ్డట్టు ఉంటారు. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచి, అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా అన్నాక, ఏ కూతురు ఎక్కడుందో, ఇంటిపేరు ఏమైందో, అన్నదమ్ములు చచ్చినట్టు రాయించాల్సి వచ్చింది. వాటా ఎగ్గొట్టడానికైనా పేరు కావాలి కదా.

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. పూర్తి పేజీ కోసం నేను వెళ్ళిన పాత కాగితాల గదిలో ఇంకొకాయన కూర్చుని ఉన్నాడు. కృష్ణ ఒడ్డు మనిషి, శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళలో మునిగిన ఊరు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మడతలు చిరిగిన జిరాక్సులు. ఆయన కూడా తాత పేరే వెతుకుతున్నాడు. ఆయనకి రావు బహద్దూరు అక్కర్లేదు. తన తాతకి ఫలానా ఊళ్ళో ఫలానా సర్వే నంబరులో ఇల్లూ పొలమూ ఉండేవని, సర్కారు వాటిని తీసుకుందని చెప్పే ఒక్క గెజిట్ పేజీ కావాలి. 1986లో 98 నంబరు జీవో వచ్చింది, ముంపు కుటుంబంలో ఒకరికి ఉద్యోగం అని. ఆ ఉద్యోగం కోసం తిరిగినవాళ్ళలో చాలామందికి రిటైరయ్యే వయసు కూడా దాటిపోయింది.

కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు వంద ఊళ్ళు, లక్ష మందికి పైగా మనుషులు. 1981 వేసవిలో ఇళ్ళు కూలగొట్టి మరీ ఖాళీ చేయించారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి ఊడదీసి అలంపురంలో మళ్ళీ కట్టారు, మంచిదే, అది గొప్ప గుడి. మనుషులకి అంత ఓపిక ఎవరు చూపించారు? గెజిట్‌లో ఒక వరస నంబరు. అప్పట్లో అమల్లో ఉన్న 1894 భూసేకరణ చట్టం ప్రకారం గెజిట్‌లో వేసి, ఆ చోట దాని సారాంశం ఒక నోటీసుగా పెడితే చాలు, ప్రజలకి తెలిసినట్టే, ముప్పై రోజుల్లో అభ్యంతరం చెప్పుకోవాలి. ఎవరు చదువుతారయ్యా గెజిట్? ఏటి ఒడ్డున జొన్న కోసుకునేవాడు చదువుతాడా? రెండు దినపత్రికల్లో వేయాలి, ఒకటైనా స్థానిక భాషలో ఉండాలి అన్న బుద్ధి 1984 సవరణతో గానీ రాలేదు. అప్పటికి ఆ ఊళ్ళు నీళ్ళలో మునిగి మూడేళ్ళు.

ఆయనకి పేజీ దొరికింది. తాత పేరు, సర్వే నంబరు, అన్నీ సరిపోయాయి. తాత తండ్రి పేరులో ఒక్క ఇంగ్లీషు అక్షరం తేడా ఉంది. ఇంతకుముందు దీని మీదే దరఖాస్తు వెనక్కి వచ్చిందట, గెజిట్‌లో ఉన్న పేరూ రేషన్ కార్డులో ఉన్న పేరూ కలవడం లేదని. గెజిట్‌లో ఆ పేరు తప్పు కొట్టింది ఎవరు? ఆయనా? ఆయన తాతా? తాత వేలిముద్ర వేశాడు. స్పెల్లింగ్ సర్కారుది. తప్పు సర్కారుది, శిక్ష మునిగినవాడికి. మా బావకి తన గెజిట్ ముక్కలో ఇంటిపేరే తేడాగా కనిపిస్తే "ఆ రోజుల్లో అలాగే రాసేవారు" అని సరిపెట్టుకుని పూజ చేయించాడు, ఎవరూ అడగలేదు. జమీందారు కావడానికి స్పెల్లింగ్ అక్కర్లేదు, అటెండరు ఉద్యోగానికి కావాలి. సిగ్గుండాలి.

కాబట్టి పాత కాగితాలు స్కాన్ చేయించే పెద్దలకి ఒక్క మనవి. ముందు ఆ భూసేకరణ పేజీలు ఎక్కించండి, ఊరి పేరు తెలుగులో కొడితే దొరికేలా, ఎక్కడో దాచిన సూచిక పట్టుకుని తేదీ చెబితే గానీ కట్ట విప్పమనకుండా. బిరుదుల జాబితాలు ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. రావు బహద్దూర్ల మునిమనవలకి అంత తొందరేం లేదు, ఉద్యోగాల్లోనే ఉన్నారు.